ఎద్దు ఈనింది, మాడ్యూల్ మార్చండి

నాలుగు చక్రాలకూ శక్తి అందే కారు, అంటే ఏడబ్ల్యూడీ, కొన్నవాడు అదృష్టవంతుడు. లడఖ్ మంచులో దూసుకుపోతుందని నమ్మి కొన్న ఆ బండి కొండాపూర్ నుంచి గచ్చిబౌలికి రోజూ వెళ్లొస్తూ ఉంటుంది. వానాకాలంలో ఓ పొద్దున డాష్‌బోర్డు మీద దీపాలన్నీ కూడబలుక్కున్నట్టు వెలుగుతాయి. ఏబీఎస్, ట్రాక్షన్, హిల్ అసిస్ట్, వీటన్నిటి కిందా ఏడబ్ల్యూడీని చెక్ చేయించుకోమని ఓ సందేశం. ఓనరు గుండె జారుతుంది. షోరూమ్ గుండె నిండుతుంది.

ఆ తర్వాత జరిగేదాన్ని డయాగ్నోసిస్ అంటారు. స్టీరింగ్ కింద సాకెట్లో స్కానర్ గుచ్చడం, అది చూపించింది రాసుకోవడం, పక్కన ధర వేయడం, ప్రింటు తీయడం. చేతికి మట్టి అంటదు. దీనికి విడిగా ఛార్జీ కూడా ఉంటుంది.

"సార్, ఏబీఎస్ మాడ్యూల్ పోయింది."

"ఎలా తెలిసింది?"

"స్కానర్ చెప్పింది సార్."

"వైరింగ్ చూశారా?"

"స్కానర్లో వైరింగ్ అని రాలేదు సార్."

ఎందుకొస్తుంది నాయనా! సీ0035 అని కోడు వచ్చిందంటే చాలా బళ్లలో దాని అర్థం ముందు ఎడమ చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్లో ఏదో తేడా ఉందని. సర్క్యూట్ అంటే సెన్సరూ, దాని వైరూ, మధ్యలో కనెక్టరూ, అవతలి కొసన మాడ్యూలూ అన్నీ కలిపి. వీటిలో తప్పు ఎవరిదో ఆ కోడు చెప్పదు. అది తేల్చడానికే మెకానిక్ అనే మనిషిని పెట్టారు. మనవాళ్లు ఆ నాలుగింటినీ ఓసారి చూసి, అన్నిటికన్నా ఖరీదైనదాన్ని ముద్దాయిని చేస్తారు. ఎస్టిమేట్ లక్ష దాటితే గానీ రోగానికి గౌరవం రాదు.

ఏబీఎస్ ఏమీ నిన్న పుట్టిన వింత కాదు. బాష్ ఎలక్ట్రానిక్ ఏబీఎస్ 1978లోనే మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చింది. అప్పుడూ ఇప్పుడూ అది అడిగేది ఒకటే: ఏ చక్రం ఎంత వేగంతో తిరుగుతోంది, బ్రేకు తొక్కినప్పుడు ఏది బిగుసుకుపోబోతోంది? ఆ జవాబు మోసుకొచ్చేవి సన్నటి రెండు వైర్లు. మాడ్యూల్ బానెట్ కింద కాస్త క్షేమంగా ఉంటుంది. ఆ వైర్లు మాత్రం చక్రం పక్కనే బురదలో, గుంతల్లో, సర్వీసింగ్ వాడి ప్రెషర్ పంపు నీళ్లలో బతకాలి. ముందు ఏది చస్తుందో ఊహించడానికి స్కానర్ అక్కర్లేదు.

ముందు చక్రం వెనక ప్లాస్టిక్ లైనర్ ఊడదీసి చూస్తే తెలుస్తుంది. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా సెన్సర్ వైరు సస్పెన్షన్ పక్కన ఒకేచోట వంగుతుంది. పైతొడుగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల రాగి పోగులు ఒక్కొక్కటే తెగిపోయి ఉంటాయి. బండి నిలబడి ఉంటే అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, స్టీరింగ్ ఫుల్లుగా కోస్తే సిగ్నల్ మాయం. చక్రాన్ని పైకెత్తి చేత్తో తిప్పిస్తూ, ఒకడు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకడు స్కానర్లో నాలుగు చక్రాల వేగాలూ చూస్తూ ఆ వైరును వేలితో కదిలించాలి. కానీ ఎస్టిమేట్ కాగితంలో 'వైరు కదిలించుట' అనే పద్దుకు గడి లేదాయె.

మల్టీమీటర్ పట్టే మహానుభావులు కొందరున్నారు. వాళ్లది ఇంకో ముచ్చట. పాత రకం సెన్సర్లో తీగచుట్ట ఉంటుంది, దాన్ని ఓముల్లో కొలవచ్చు. కొత్త రకానికి మాడ్యూలే కరెంటు పంపాలి. చక్రం తిరిగితే ఆ కరెంటు దాదాపు 7, 14 మిల్లీయాంపుల మధ్య గంతులేస్తుంది. దీనికి ఓమ్ మీటరు పెట్టి "రీడింగ్ రావట్లేదు, పోయింది" అని తీర్పిచ్చేవాణ్ణి నేను చూశాను. ఇంకొకాయన వీల్ బేరింగ్‌ను తిరగేసి కొట్టాడు. సెన్సర్ చదవాల్సిన అయస్కాంతపు పట్టీ ఆ బేరింగ్ సీలులోనే ఒక పక్కన ఉంటుంది. అది అవతలికి తిరిగిపోతే సెన్సర్‌కు ఏమీ కనబడదు. బిల్లులో మాత్రం బేరింగుకూ కూలి పడింది, సెన్సరుకూ కూలి పడింది.

ఎర్త్ సంగతి అసలు అడగొద్దు. పచ్చగా తుప్పుపట్టి రెండే రెండు పోగుల మీద వేలాడే ఎర్త్ వైరు కూడా ఓమ్ మీటరుకు సున్నా చూపిస్తుంది. ఏబీఎస్ పంపు మోటారు తిరిగేటప్పుడు ఆ వైరులో ఎన్ని వోల్టులు పోతున్నాయో కొలిస్తేనే దాని బండారం బయటపడేది. దీనికి కావాల్సింది వోల్ట్ మీటరూ, కాస్త ఓపికా. రెండోది స్పేర్‌పార్టుల కౌంటర్లో దొరకదు.

అన్నట్టు, ఒక్క వైరు తెగితే ఇన్ని దీపాలెందుకంటారా? వెనక చక్రాలకు ఎంత శక్తి పంపాలో నిర్ణయించే కంప్యూటర్ చక్రాల వేగాల లెక్కను ఏబీఎస్ దగ్గరే అరువు తెచ్చుకుంటుంది. ఏబీఎస్ చేతులెత్తేస్తే అదీ ఎత్తేస్తుంది. అంటే మూడు నాలుగు దీపాలకూ ముద్దాయి ఒక్కడే కావచ్చు. కానీ ఒక్కో దీపానికీ ఒక్కో ఎస్టిమేట్ వేయగల ప్రజ్ఞ మన షోరూములది!

ఈ బళ్లకు ఇంకో తిరకాసుంది. నాలుగు చక్రాలూ ముడిపడి ఉంటాయి కనుక బ్రేకు పడితే నాలుగూ కలిసికట్టుగా జారొచ్చు. అప్పుడు బండి అసలు వేగమెంతో చక్రాలను అడిగి లాభం లేదు, నాలుగూ ఒకే అబద్ధం చెబుతాయి. అందుకే చాలా ఏడబ్ల్యూడీ బళ్లలో, బండి వేగం ఎలా తగ్గుతోందో స్వయంగా కొలిచే జీ సెన్సర్ అనే సాక్షిని కూడా పెట్టారు. దాన్ని విచారించినవాడు నాకింతవరకూ తారసపడలేదు. పైగా రెండు టైర్లు కొత్తవి, రెండు అరిగినవి వేసి తిప్పితే చుట్టుకొలతలు కలవవు, చక్రాల వేగాలు కలవవు. ఆ తేడాను జారుడనుకుని, వెనక చక్రాలకు శక్తినందించే కప్లింగ్ మాటిమాటికీ బిగుసుకుని వేడెక్కుతుంది. ఆ రెండు టైర్లనూ ఆఫర్లో అంటగట్టింది ఎవరంటే, అదే షోరూము.

పోనీ బయట చూపిద్దామా అంటే, ఆన్‌లైన్లో కొన్న బ్లూటూత్ డాంగిల్‌తో బావమరిది సిద్ధంగా ఉంటాడు. ఆ చవక పరికరాలు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి, ఏబీఎస్ గడప తొక్కవు. ఫోన్లో 'లోపాలు లేవు' అని పచ్చటి టిక్కు పడగానే "బండి కండిషన్లో ఉంది బావా" అంటాడు. ఏబీఎస్ లైటు వెలుగుతుంటే మామూలు బ్రేకులు పనిచేయవచ్చు గానీ, తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోవచ్చని ఏ టిక్కూ చెప్పదు. ఎర్రటి బ్రేకు లైటు కూడా తోడైతే బండి తీయకూడదనీ చెప్పదు. సెకండ్ హ్యాండ్ బజారు వాడికి ఈ బాధ కూడా లేదు. ఏబీఎస్ బల్బును ఇంకో బల్బుకు కలిపేస్తాడు. తాళం తిప్పగానే రెండూ కలిసి వెలుగుతాయి, కలిసి ఆరుతాయి. కొన్నవాడు అమాయకంగా నమస్కారం పెట్టి తోలుకుపోతాడు.

మన ఓనరు మాత్రం పెద్దమనిషి, డబ్బు కట్టాడు. కొత్త మాడ్యూల్ వచ్చింది, కోడింగ్ అయింది, పాత కోడ్లు చెరిపేశారు, దీపాలు ఆరాయి. వాషింగ్ చేసి, పూలబొకే ఇచ్చి, సెల్ఫీ తీసి, ఫీడ్‌బ్యాక్‌లో పదికి పది వేయమని బతిమాలి సాగనంపారు. గేటు దాటి మొదటి యూటర్న్‌లో స్టీరింగ్ ఫుల్లుగా కోశాడు. దీపాలన్నీ మళ్లీ వెలిగాయి. వెనక్కొస్తే అడ్వైజర్ ముఖంలో కించిత్తు తొణుకు లేదు.

"మాడ్యూల్ కొత్తదే కదా సార్, అందులో తప్పుండదు. ఈసారి కప్లింగ్ మీద డౌటుగా ఉంది. పార్టు బయటి దేశం నుంచి రావాలి. అడ్వాన్సు కార్డా సార్, యూపీఐనా?"