పెరడు ఎండినా పేరు పండాలి: క్యాంప్ 1 వాళ్లకు తోట చిట్కాలు

మాఘం రాగానే భిలాయి క్యాంప్ 1లో వీధివీధికీ ఒకటే ఊపు. పెరట్లో రెండు ఆనప పాదులు, ఒక వరస బెండ, గోడవార గోంగూర. ఆలోచన బంగారం. అయితే చాలామంది మొదట్లోనే దారి తప్పుతారు, నిజంగానే తవ్వేస్తారు. ఉగాది నాటికి నడుం పడిపోతుంది, చేతికి నాలుగు బెండకాయలు వస్తాయి. బెండకాయలు జవహర్ మార్కెట్లో ఎన్నయినా దొరుకుతాయి, నడుం దొరకదు. పెరటి తోట పెట్టేది వీధిలో పేరుకి, ఇంట్లో మిగతా పనుల నుంచి సెలవుకి. కాయ కాయకుండానే ఈ రెండూ దక్కించుకునే పద్ధతి ఉంది. వరసగా చెప్తాను, అలాగే చెయ్యండి.

1. ముందు చాటండి.

పార పట్టకముందే వీధంతా చెప్పెయ్యండి. ఫిబ్రవరి మొదటి వారం శ్రేష్ఠం, ఈ ఊరికి అచ్చొచ్చిన వారం అది. ఉక్కు కర్మాగారానికి రష్యావాళ్లతో ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరి 2న. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ని రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించింది 1959 ఫిబ్రవరి 4న. ఈ రెండు తేదీలూ కంఠతా పట్టండి. "ఏం బావా, పాదు మొలిచిందా?" అని ఎవరైనా అడిగితే, ఒప్పందానికీ కొలిమికీ మధ్య నాలుగేళ్లు పట్టిందని గుర్తుచెయ్యండి. శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి వచ్చి ఆ రోజుల్లో ఇక్కడ పనిచేసిన తాత ఎవరైనా మీ ఇంట్లో ఉంటే ఆయన ఊసు కూడా ఎత్తండి. పెద్దాయన మాట వచ్చాక ఆనప గింజ గురించి అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు.

2. ముహూర్తం దొరకనివ్వకండి.

అమావాస్య, శుక్రవారం, మూఢం. ఏదో ఒకటి ఎప్పుడూ అడ్డం ఉంటుంది, లేకపోతే అత్తగారిని అడగండి, ఆవిడకి తెలుస్తుంది. ఈలోగా రథసప్తమి వస్తుంది. ఆ రోజు పాలపొంగలికి చిక్కుడు ఆకు కావాలి, రథానికి చిక్కుడు కాయలు కావాలి. అరసవిల్లి సూర్యనారాయణమూర్తి పేరు చెప్పి పక్కింటి పాదు దగ్గరికి బుట్ట పట్టుకుని వెళ్లండి. కాదనే తెలుగింటావిడ ఈ క్యాంపులో లేదు. రథానికి పిడికెడు చాలు, మిగతావి కూరకి. గునపం ముట్టకుండానే తొలి పంట ఇంటికొచ్చింది.

3. నేలని తిట్టండి.

ఛత్తీస్‌గఢ్ రైతులు నేలల్ని కన్హార్, డోర్సా, మటాసీ, భాటా అని నాలుగు రకాలుగా చెప్తారు. కన్హార్ మన నల్లరేగడి, భాటా ఎర్రటి గులక నేల. మీ పెరట్లో ఏ మట్టి ఉన్నా సరే, అది భాటా. "భాటా అండీ, గునపం దిగదు" అన్న మాట అలవాటు చేసుకోండి. రైలు పట్టాల పక్క నుంచి గుప్పెడు కంకర తెచ్చి పైన జల్లితే చూసినవాళ్లు నమ్ముతారు. జానెడు లోతు గుల్ల చెయ్యాలని తెలిసినవాళ్లు అంటారు. మీరు పాత అట్లకాడతో పైపైన గీకండి, మట్టి రంగు మారితే చాలు.

4. ఎరువు విషయంలో లెక్క మాట్లాడండి.

మాగిన గెత్తం పోయమంటారు. వినకండి. 2020 జూలై 20న, హరేలీ పండగనాడు, గోధన్ న్యాయ్ యోజన పెట్టి ఈ రాష్ట్ర ప్రభుత్వం ఆవుపేడని కిలో 2 రూపాయలకి కొంది. సర్కారు డబ్బిచ్చి కొన్న సరుకుని మీరు మట్టిపాలు చేస్తారా? ఎవరైనా ఊరికే ఇస్తే మాత్రం పచ్చిదే తీసుకుని, మొక్క మొదట్లో ఆనించి కుప్పగా పెట్టండి. పచ్చి పేడ వేడికి వేళ్లు మాడిపోతాయంటారు. మాడనివ్వండి, మాగేదాకా నెలల తరబడి కాపలా కాసే బాధ తప్పింది కదా. దాని మీద నిన్నటి పులుసు కూడా ఒంపేస్తే గిన్నె తోమే పని సగం తగ్గుతుంది. ఉప్పుకి మొక్క తల వాలుస్తుంది, తీపికి చీమలు వస్తాయి. చీమలు ఎంతో విలువైనవి, 10వ చిట్కాలో పనికొస్తాయి.

5. చౌకగా వచ్చిందే నాటండి.

ఈ రోజుల్లో వెయ్యాల్సినవి ఆనప, బీర, దోస, కాకర, బెండ, తోటకూర. ఎండకి నిలబడతాయి, కాస్తాయి, కోయించుకుంటాయి, రోజూ మిమ్మల్ని వంగదీస్తాయి. అదే ఫిబ్రవరిలో సుపేలా ఆదివారం బజారులో అమ్ముడుపోని కాలీఫ్లవర్, క్యాబేజీ నారు ఉంటే సాయంత్రం దాకా ఆగండి, దాదాపు ఊరికే ఇచ్చేస్తారు. అవి చలికాలపు మొక్కలు, ఎండ ముదిరితే సరైన పువ్వు పట్టదు, గడ్డ కట్టదు. మీకు కావలసింది ఆకే. వెడల్పాటి ఆకులు వీధిలోంచి కనిపిస్తాయి, శివరాత్రి దాకా తోట ఉన్నట్టే. కొత్తిమీర కూడా వెయ్యండి. వేడికి తొందరగా పూతకొస్తుంది, అప్పుడు పూలమొక్కలు కూడా పెట్టామని చెప్పుకోవచ్చు.

గింజలే వెయ్యాల్సి వస్తే పొట్లం మొత్తం ఒకే గుంటలో పొయ్యండి. గింజ మందానికి రెండింతల లోతు చాలని పెద్దలంటారు, మీరు మోచేతి దాకా దించండి. పిట్టలు తినవు. మొలకా రాదు, కలుపు తీసే పనీ ఉండదు.

6. నీళ్లకి షిఫ్టు అడ్డం పెట్టండి.

పొద్దున్న కుళాయి వచ్చే వేళ ఎవరైనా గుర్తుచేస్తే, రాత్రి నైట్ షిఫ్టు చేశానని చెప్పండి. సాయంత్రం గుర్తుచేస్తే సెకండ్ షిఫ్టుకి బయల్దేరుతున్నానని చెప్పండి. ఈ ఊళ్లో షిఫ్టు మాటకి ఎదురు ప్రశ్న లేదు. రిటైరయినవాళ్లు మోకాళ్లు చూపించండి. ఆదివారం మిట్టమధ్యాహ్నం మాత్రం వారానికి సరిపడా డ్రమ్ము నీళ్లు ఒక్కసారి గుమ్మరించండి, వీధిలోకి పారేటట్టు. పారితేనే జనం చూస్తారు.

7. పందిరి వెయ్యకండి. పాదు బతికి బట్టకడితే రేకుల మీదికి ఎక్కించండి. ఏప్రిల్ ఎండకి రేకు కాలి తీగ కొసలు కమిలిపోతాయి, దించే పని లేదు. కర్రలు మాత్రం పక్కవాళ్ల దగ్గర బదులు తెచ్చి పెరట్లో పడెయ్యండి. పందిరి రేపో మాపో లేస్తుందన్న నమ్మకం వీధికి కలగాలి.

8. పిందె మీద మనసు పెట్టండి.

తోటలో అసలు లాభం ఇక్కడుంది, నిదానంగా చదవండి. ఆనప పువ్వు పొద్దు వాలాక విచ్చుకుంటుంది, తెల్లగా. మొదట వచ్చేవన్నీ మగపూలు, సన్నటి కాడ తప్ప కింద ఏమీ ఉండదు. అవి రాలడం మామూలే. మీరు మాత్రం రాలిన ప్రతి పువ్వునీ చేతిలోకి తీసుకుని దిగులుపడండి. దిగులుగా ఉన్న మనిషికి గ్యాస్ సిలిండర్ మొయ్యమని ఎవరూ చెప్పరు.

తర్వాత ఆడపూలు వస్తాయి. పువ్వు కింద బొటనవేలి కణుపంత పిందె, దాని ఒంటినిండా తెల్లటి నూగు. ఆ చీకటిపడే వేళ పురుగు వాలకపోతే, మగపువ్వు తెంపి ఆడపువ్వు మధ్యలో రుద్దాలి, అప్పుడే పిందె నిలుస్తుంది. ఆ వేళ మీ టీ వేళ. టీ మానకండి. రుద్దని పిందె కొస నుంచి పసుపెక్కి, వడిలి రాలుతుంది. ఒకటి అరా నిలిచినా పండు ఈగ కుడుతుంది. సూది గుచ్చినంత మచ్చ, దాని మీద జిగురు చుక్క, ఆపైన కుళ్లు.

పిందెని వేలెత్తి చూపిస్తే రాలిపోతుందని మనవాళ్ల నమ్మకం. దాన్ని వాడుకోండి. పువ్వు విచ్చిన మర్నాడు పక్కింటి పిన్నిని పెరట్లోకి పిలవండి. "పిందె పడిందంటున్నారు, నాకు కనబడటం లేదు పిన్నీ, ఎక్కడుందో!" అనండి. ఆవిడ వేలు పెట్టి చూపిస్తుంది. నాలుగు రోజులాగి, రాలిన పిందెని అరచేతిలో పెట్టుకుని వాళ్ల గుమ్మం ముందు నిలబడండి. ఒక్క మాటా అనకండి. ఆ సాయంత్రమే మీ ఇంటికి ఓ గిన్నెడు కూర వస్తుంది. పిందెకో పిన్ని చొప్పున పిలవండి, ఒకావిడనే రెండుసార్లు పిలవకండి.

9. కాయ కొని కట్టండి.

మార్చి చివర్లో ఒక లేత ఆనపకాయ కొనండి. తొడిమ పొడుగ్గా ఉన్నది ఏరండి, పొట్టి తొడిమ ముడి పడదు. ఆకుపచ్చ దారంతో తీగకి కట్టి, నీళ్లు చిలకరించి ఫోటో తియ్యండి. ఊళ్లో చుట్టాలకి పంపండి, వాళ్లు సంతోషిస్తారు, చుట్టాల సంతోషం తక్కువ సంగతి కాదు. తర్వాత కాయ విప్పి ముక్కలు కోసి నాలుగిళ్లకి గిన్నెల్లో పంచండి. మనవాళ్లు గిన్నెని ఉత్తగా తిప్పిపంపరు. ఒక్క కాయ ఖర్చుకి నాలుగు పూటల కూర.

10. నెపాలు నిలవ పెట్టుకోండి.

చీమలు, మేకలు, పక్కింటి కోళ్లు, ప్లాంటు దుమ్ము, దిష్టి. వారానికొకటి చాలు. దుమ్ముని చివరికి దాచుకోండి, ఊరంతటికీ వర్తిస్తుంది కాబట్టి దానికి తిరుగులేదు. అడిగినవాడు తెలుగువాడైతే దిష్టి, హిందీవాడైతే నజర్. మనిషి మారినా మందు ఒకటే.

11. రోహిణీ కార్తెలో ముగించండి.

మే 25 ప్రాంతంలో రోహిణి వస్తుంది. ఆ మొదటి తొమ్మిది రోజుల్నే ఇక్కడివాళ్లు నౌతపా అంటారు. రోహిణికి రోళ్లే పగులుతాయని సామెత, పాదు మాడిపోతే తప్పు పట్టేవాళ్లుండరు. కాబట్టి ఏదైనా మొక్క అప్పటిదాకా మొండిగా బతికుంటే కంగారు పడకండి, ఒక్క వారం నీళ్లు ఆపండి. ఎండిన తీగని వెంటనే పీకెయ్యకండి, వానలు పడేదాకా ఉండనివ్వండి. వచ్చినవాళ్లకి మీరు పడ్డ కష్టం కనబడాలి.

బదులు తెచ్చిన పందిరి కర్రల సంగతి మాత్రం మరిచిపోకండి. వాటిని తిరిగి ఇవ్వద్దు. వినాయకచవితికి వీధి కుర్రాళ్లు చందా కోసం వచ్చినప్పుడు ఆ కర్రలు వాళ్ల పందిట్లోకి ఇచ్చి, మీ పేరున చందా రాయించుకోండి. రసీదు అడిగి తీసుకోండి.