తోలుసీటు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం (ఆటవెలది)

తోలు సీటు మీద దూదిపరుపులేల
బెల్టు బిగియ లాగు బిడ్డ కొఱకు
మరక తుడువ వచ్చు మఱునాడు నైనను
సడలు పట్టుకేది చక్కబాటు

అవతారిక

కర్త ఎవరని అడుగుతారు కనుక ముందే చెప్పేస్తాను. మూలమూ నాదే, వ్యాఖ్యా నాదే. దీన్ని స్వోపజ్ఞ వ్యాఖ్య అంటారు. తన పద్యానికి తానే అర్థం చెప్పుకోవలసిన అవస్థ సంస్కృతంలో మహామహులకే తప్పలేదు. మెదక్ సీమ కొలచలం ఇంటిపేరు గల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిదీ అవసరం లేనిదీ రాయనని మాట ఇచ్చాడు. నేను అటువంటి మాటేదీ ఇవ్వడం లేదు.

ఇక సందర్భం. ఒక గృహస్థు కొత్త కారు కొన్నాడు. లోపల లేత గోధుమరంగు సీట్లు. షోరూమ్ నుంచి తిన్నగా గుడికి వెళ్ళి, బానెట్ మీద పసుపు కుంకుమలు పెట్టించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చాడు. పూజ అయిపోయింది గానీ సీట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు అలాగే ఉన్నాయి. ఇంట్లో ఏడాది నిండని పాప. పాప కోసం తెప్పించిన చైల్డ్ సీటును వెనక సీటు మీద ఆనించబోతూ, దాని అడుగున ఉన్న గట్టి ప్లాస్టిక్ అంచులు చూసి ఆయన ఆగిపోయాడు. సీటు ఇంకా నలగలేదు, ఆయన మనసు అప్పుడే నలిగింది. "కింద మెత్తగా ఏదైనా పరవండర్రా!" అని లోపలికి కేక వేశాడు. ఆ కేకకు సమాధానమే ఈ పద్యం.

ప్రతిపదార్థం

తోలు సీటు మీద = చర్మముతో కప్పబడిన, లేదా అట్లని చెప్పి అమ్మబడిన, ఆసనముపై; దూదిపరుపులు = మెత్తని పరుపులు; ఏల = ఎందుకు, అనగా వలదని అర్థము; బిడ్డ కొఱకు = శిశువు క్షేమము నిమిత్తమై; బెల్టు = కారునందలి పట్టీని; బిగియన్ = బిగుసుకొనునట్లుగా; లాగు = లాగుము; మరక = పాలు, పండ్లరసము, నానిన బిస్కట్టు మొదలగువానివలన కలిగిన కళంకము; మఱునాడున్ ఐనను = తెల్లవారిన పిదపనైనను; తుడువన్ వచ్చు = తుడుచుటకు వీలగును; సడలు పట్టుకు = వదులైన బిగింపునకు; చక్కబాటు = దిద్దుబాటు; ఏది = ఎక్కడిది? లేదని భావము.

తాత్పర్యం

ఓ గృహస్థా! సీటు నలుగుతుందని చైల్డ్ సీటు కింద మందపాటివేవీ వేయకు. బెల్టును గట్టిగా బిగించు. మరకను రేపైనా తుడుచుకోవచ్చు, వదులుగా బిగించినదాన్ని ప్రమాదం జరిగే క్షణంలో సవరించుకోలేవు.

విశేషాలు

తోలు. ఇక్కడ కాస్త ఆగాలి. మన రోడ్ల మీద తోలుసీట్ల కార్లుగా చెలామణి అయ్యేవాటిలో చాలావాటివి లెదరెట్ సీట్లు. అంటే బట్ట మీద పీవీసీ గానీ పాలియురెథేన్ గానీ పూత పూసినవి. నిజం తోలు వేసిన కార్లలో కూడా మనిషి కూర్చునే చోట, ఒరిగే చోట తోలు వేసి, పక్కలకూ వెనకకూ వినైల్‌తో సరిపెట్టడం మామూలే. ఆ కాస్త తోలునూ క్రోమియం లవణాలతో పదును చేసి, రంగు పూసి, ఆ పైన మళ్ళీ పాలియురెథేన్ పొర వేస్తారు. మన చెయ్యి తగిలేది ఆ పొరకే. అందుచేత కొబ్బరినూనె రాసి తోలుకు జీవం పోస్తానని బయల్దేరిన మామగారిని మర్యాదగా ఆపండి. నూనె లోపలికి ఇంకదు. పైనే నిలిచి దుమ్ము పట్టిస్తుంది, సీటు జారుడు బల్ల అవుతుంది. తళతళ మెరిపించే సిలికాన్ పాలిష్‌తోనూ ఇదే తంటా. చైల్డ్ సీటు ఆనే చోట మెరుపు అక్కర్లేదు.

సీటు మీద గుంట పడుతుందన్నది గృహస్థుకు ఇంకొక దిగులు. గుంట పడేది చాలావరకు తోలులో కాదు, దాని కింది ఫోమ్‌లో. చైల్డ్ సీటు తీసి కొన్నాళ్ళు వదిలేస్తే ఫోమ్ చాలామటుకు పైకి లేస్తుంది. అంచు ఆనిన చోట సన్నని ముడత మిగిలితే మిగలవచ్చు. దానికి శాంతి చేయించనక్కర్లేదు.

దూదిపరుపులేల. ఇది ఉపలక్షణం. కాకులు ముట్టకుండా పెరుగు చూడమంటే కుక్క వచ్చినప్పుడు పక్కకు తప్పుకోమని కాదు గదా! అలాగే దూదిపరుపు అన్నది బొంతకూ, నాలుగు మడతల తువ్వాలుకూ, యోగా మ్యాట్ ముక్కకూ వర్తిస్తుంది. ఈ విషయంలో మన ఇళ్ళలో మూడు మతాలున్నాయి. ప్లాస్టిక్ మతంవారు షోరూమ్ తొడుగు తీయకుండానే దాని మీద చైల్డ్ సీటు పెడతారు. ప్లాస్టిక్ మీద ప్లాస్టిక్ జారుతుందన్న సంగతి మొదటి మలుపులో తెలుస్తుంది. తువ్వాలు మతంవారు ఇంకొంచెం వివేకవంతులు. కానీ ముదురు రంగు తువ్వాలు వేసి ఏప్రిల్ ఎండలో కారు నిలిపితే ఆ రంగు లేతరంగు సీటులోకి దిగుతుంది, సీటును కాపాడటానికి వేసిందే సీటుకు మరక పెడుతుంది. మూడోది బొంత మతం. పాత చీరలతో అమ్మమ్మ చేత్తో కుట్టిన బొంత. దానిలో ప్రేమకు లోటు లేదు. మందానికీ లేదు. అదే దోషం.

మందం ఎందుకు దోషమో చెప్పకపోతే వ్యాఖ్య వ్యర్థం. బొంత మీద సీటు పెట్టి బెల్టు లాగితే చేతికి బిగుతుగానే తెలుస్తుంది. కారు దేనినైనా గుద్దినప్పుడు ఆ బరువుకు బొంత ఒక్కసారిగా అణిగిపోతుంది. బొంత ఎంత అణిగితే బెల్టు అంత వదులవుతుంది. ఆ వదులు తీరేదాకా చైల్డ్ సీటు ముందుకు దూసుకుపోయి, అప్పుడు టక్కున ఆగుతుంది. ఆ కుదుపు పాప మెడ మీద పడుతుంది. కారు సీటు సొంత ఫోమ్ కూడా కొంత అణుగుతుంది నిజమే. అందుకే బిగించేటప్పుడు చైల్డ్ సీటును చేత్తోనో మోకాలితోనో కిందికి గట్టిగా అదిమి, ఆ ఫోమ్‌ను ముందే అణిచి బెల్టు లాగమంటారు. గృహస్థుకు ప్రాణం విలవిల్లాడే ఘట్టం ఇదే. గుంట పడాలి. పడకపోతే సరిగా బిగించలేదని అర్థం.

మరి ఏదీ వేయకూడదా? ఇక్కడ ప్రమాణాలు చూడాలి. చైల్డ్ సీటుతో వచ్చిన పుస్తకం శ్రుతి. కారుతో వచ్చిన పుస్తకమూ శ్రుతే. యాక్సెసరీల షాపువాడి మాట స్మృతి, పక్కింటి పిన్నిగారి మాట ఆచారం. శ్రుతికీ స్మృతికీ పేచీ వస్తే శ్రుతిదే పైచేయి అని ధర్మశాస్త్రం ఎప్పుడో తేల్చింది. కొన్ని కంపెనీల శ్రుతి పలుచని బట్ట ఒక్క పొర వేసుకోనిస్తుంది. కొన్ని తాము తయారుచేసి తమ సీటుతో పరీక్షించిన ప్రొటెక్టర్ తప్ప ఇంకేదీ వద్దంటాయి. కొన్ని అదీ వద్దంటాయి. రెండు శ్రుతులు పరస్పరం విరోధిస్తే ఏదైనా ఎంచుకోవచ్చుననేది పాత సూత్రం. ఇక్కడ అది చెల్లదు. రెండిట్లో కఠినమైనదే పాటించాలి. సీటుకు పైనుంచి కుట్టించే కవర్ల విషయంలో ఇంకొక మెలిక ఉంది. కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సీటు పక్క కుట్టులోంచే బయటికి వస్తుంది. దానికి దారి వదలని కవర్ కుట్టించుకుంటే డబ్బిచ్చి ఎయిర్‌బ్యాగ్‌కు తలుపు వేయించుకున్నట్టే లెక్క.

బెల్టు. దీనిలోనే ఐసోఫిక్స్ కూడా చేరిందని గ్రహించాలి. సీటు వీపూ కూర్చునే భాగమూ కలిసే సందులో, 280 మిల్లీమీటర్ల ఎడంతో 6 మిల్లీమీటర్ల మందమున్న రెండు ఇనుప కడ్డీలుంటాయి. ఐసోఫిక్స్ సీటు కొక్కేలు వాటికి తగులుకుంటాయి. ఐసోఫిక్స్ కదా, కింద బొంత వేస్తే నష్టమేమిటని అడిగేవారున్నారు. సీటు కూర్చునే కోణం మారిపోతుంది. సపోర్ట్ లెగ్ ఉన్న సీటైతే కాలు నేలకు ఆనవలసినట్టు ఆనదు. బొంత అక్కడా వద్దు.

కొంచెం చరిత్ర. 1930లలో కూడా పిల్లలకు కారు సీట్లుండేవి. అవి పిల్లవాడికి కిటికీ అందడానికీ, పెద్దవాళ్ళకు అల్లరి తగ్గడానికీ తప్ప రక్షణకు కావు. ఇప్పుడు మనం లాగే మూడు చోట్ల పట్టే బెల్టును 1959లో వోల్వో కార్లలోకి తెచ్చినవాడు నిల్స్ బొలిన్. పసిపిల్లలు వెనక్కి తిరిగి కూర్చోవాలన్న ఆలోచన బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే స్వీడన్ ఆచార్యుడిది. వ్యోమగాములు రాకెట్‌లో వెల్లకిలా ఒరిగి కూర్చున్న తీరు చూసి ఆయనకు తట్టింది. 1964లో మొదటి నమూనా పరీక్షించారు. రాకెట్టుకు పనికొచ్చిన ఆసనం మన పాపకు ఎక్కువేమీ కాదు.

వెనక్కి తిరిగి కూర్చున్న పాప పాదాలు సీటు వీపుకు తన్నుతుంటాయి, బూటు మచ్చలు పడతాయి. ఆ మచ్చలు చూడలేక ఏడాది నిండీ నిండగానే పాపను ముందుకు తిప్పేసేవాళ్ళున్నారు. ఈ ఒక్కచోట వ్యాఖ్యాత గొంతు పెంచక తప్పదు. ఐక్యరాజ్యసమితి ఆర్129 నిబంధన 15 నెలలు దాటేదాకా తిప్పవద్దంటుంది. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2018 నుంచి ఇంకా ముందుకెళ్ళి, ఆ సీటు ఎత్తూ బరువూ ఎంతవరకు ఒప్పుకుంటే అంతవరకూ వెనక్కే తిరిగి ఉండనిమ్మంటోంది. మచ్చలకు మందు వేరే ఉంది. కారెక్కించగానే బూట్లు విప్పేయండి. గడప దగ్గర చెప్పులు విడిచే జాతికి ఇదేమంత కష్టం?

మరక. కవి "మఱునాడు నైనను" అన్నది ఛందస్సు కోసం. పాలు ఒలికితే ఆ క్షణమే తుడవాలి. సందుల్లోకి దిగిన పాలు మే నెల ఎండలో ఏమవుతాయో ముక్కున్న ఎవరికైనా తెలుసు. గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా గాఢత లేని సబ్బు, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డ చాలు. స్పిరిట్, బ్లీచింగ్ వద్దు. చైల్డ్ సీటు పట్టీలను వాషింగ్ మెషీన్‌లో వేయకూడదని చాలా కంపెనీల శ్రుతి. మరకకన్నా అసలు శత్రువు ఇసుక. చైల్డ్ సీటు కింద చిక్కిన ఇసుక రేణువు కారు కదిలినంతసేపూ పొరను గీకుతూనే ఉంటుంది. కాబట్టి బిగించబోయే ముందు వాక్యూమ్ పట్టాలి, తర్వాత కూడా అప్పుడప్పుడూ తీసి శుభ్రం చేసి మళ్ళీ బిగించాలి. తోలును కాపాడే మార్గాల్లో నిజంగా ఫలితమిచ్చేది ఇదే. ఖర్చు లేనిది కనుక ఎవరూ చేయరు.

రసాలంకారాలు. మరకను తుడవవచ్చు, సడలినదాన్ని దిద్దలేమన్న సామాన్య సత్యంతో మొదటి రెండు పాదాల హెచ్చరికను సమర్థించడం వల్ల అర్థాంతరన్యాసాలంకారం. రసం వత్సలం. విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో దాన్ని పదో రసంగా ఒప్పుకున్నాడు. కారు వాయిదాలు తీరేదాకా తండ్రి వాత్సల్యానికి ఆలంబనం పాపా, సీటా అన్నది మాత్రం వివాదాస్పదం.

శంక, సమాధానం. "మా కాలంలో ఈ సీట్లున్నాయా? ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఊళ్ళు తిరిగాం" అని అత్తగారి పూర్వపక్షం. అత్తయ్యగారూ, తమరి ఒడి గొప్పదే, లెక్క ఒకటి వినండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు సెకనులో పదోవంతులో ఆగిందనుకుందాం. ఆ క్షణంలో 10 కిలోల పాప సుమారు 140 కిలోల బరువుతో ముందుకు తోసుకొస్తుంది. రెండు చేతులకు అది ఆగే బరువు కాదు. చట్టం కూడా ఒడిని ఒప్పుకోదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టు గానీ చైల్డ్ సీటు గానీ లేకుండా బండి నడిపితే 1,000 రూపాయల జరిమానా. "మన ఊళ్ళో ఎవరడుగుతారు?" అన్నది రెండో శంక. దానికి సమాధానం రాయడం వ్యాఖ్యాత పని కాదు.

పాఠకులకు మనవి. ఇప్పటికే చైల్డ్ సీటు బిగించి ఉంటే ఇవాళే కారు దగ్గరికి వెళ్ళండి. కింద బొంతో మడతల తువ్వాలో ఉంటే ముందు దాన్ని తీసేసి మళ్ళీ బిగించండి. బెల్టు పోయే చోట సీటును పట్టుకుని పక్కలకూ ముందుకూ కుదిపి చూడండి. అంగుళం మించి కదిలితే సీటును అదిమి పట్టి ఇంకోసారి బిగించండి. ఒక్కరి వల్ల కాకపోతే ఇంట్లో ఇంకొకరిని పిలవండి.