1992లో చెవులకు జ్ఞానోదయం

ఒక బ్యాండును ఇరవయ్యేళ్లపాటు తిట్టిపోసి, ఇరవై ఒకటో ఏట "మళ్లీ విన్నాను, నా అభిప్రాయం మార్చుకున్నాను" అని ప్రకటించే సంగీత విమర్శకుడికి దక్కే మర్యాద చూస్తే ముచ్చటేస్తుంది. ఆయన వినయానికి కొన్ని చప్పట్లు, నిజాయితీకి మరికొన్ని. తిట్టిన రోజున సూక్ష్మగ్రాహి అనిపించుకున్నాడు, పొగిడిన రోజున విశాలహృదయుడనిపించుకున్నాడు. ఒకే పాట మీద రెండుసార్లు జీతం. ఆ పాటను మొదటి రోజునుంచీ ఇష్టపడి, పైకి చెబితే పరువు పోతుందని తలుపులేసుకుని విన్నవాడికి మాత్రం ఒక్క చప్పట్టూ లేదు. వాడు ఏమీ మార్చుకోలేదు కదా, వాడి గురించి రాయడానికేముంది! 'పునర్మూల్యాంకనం' అనే బరువైన పేరుతో జరిగే ఈ తంతుకు చెవులతో సంబంధం బహు తక్కువ. పక్కసీట్లో ఎవరు కూర్చున్నారన్నదే అసలు సంగతి. సాక్ష్యం కోసం ఎక్కడెక్కడో వెతకనక్కర్లేదు, అబ్బా అనే స్వీడన్ బ్యాండు ఒక్కటి చాలు.

1974 ఏప్రిల్ 6న ఇంగ్లండులోని బ్రైటన్‌లో యూరోవిజన్ పాటల పోటీ జరిగింది. స్వీడన్ తరఫున వచ్చిన అగ్నేతా, బ్యోర్న్, బెన్నీ, ఫ్రీదా అనే నలుగురు 'వాటర్లూ' పాడి గెలిచారు. ఆతిథ్యమిచ్చిన బ్రిటన్ జ్యూరీ ఆ పాటకు వేసిన మార్కులు సున్నా. కొద్ది వారాల్లోనే అదే బ్రిటన్‌లో ఆ పాట అమ్మకాల్లో మొదటి స్థానానికి ఎక్కి రెండు వారాలు దిగలేదు. అంటే కొనుక్కుని వినేవాళ్లకు ఏప్రిల్, మే నెలల్లోనే అర్థమైన సంగతి, మార్కులు వేసే పెద్దలకు బోధపడలేదు. 2005లో యూరోవిజన్ యాభయ్యేళ్ల పండగ చేసుకున్నప్పుడు, అప్పటిదాకా వచ్చిన పాటలన్నిటిలోకీ మేటిగా ఎంపికైంది ఆ వాటర్లూయే. సొంతదేశంలో మర్యాద ఇంకా తక్కువ. అక్కడ ప్రోగ్ అనే వామపక్ష సంగీతోద్యమం బలంగా ఉండేది. గెలిచిన దేశమే మరుసటేడు పోటీ నడపాలి గనక 1975లో స్టాక్‌హోమ్ వేదికైంది. ప్రోగ్ వాళ్లు దానికి ఎదురుగా తమ ప్రత్యామ్నాయ ఉత్సవం పెట్టారు. ఈ నిరసన, మళ్లీ గెలిస్తే మళ్లీ ఖర్చన్న భయం రెండూ కలవడంతో 1976 పోటీకి స్వీడన్ అసలు వెళ్లనేలేదు. అబ్బా మీద నేరారోపణ ఒకటే: ప్లాస్టిక్ సంగీతం, డబ్బు సంగీతం, లోపల మనిషి లేని సంగీతం. ఆ మధ్యలోనే, 1976 జూన్ 18న, రాజుగారి పెళ్లి ముందురోజు స్టాక్‌హోమ్ రాయల్ ఒపెరాలో వాళ్లు 'డాన్సింగ్ క్వీన్' పాడారు. 2024లో ఆ రాజే నలుగురికీ వాసా బిరుదు ఇచ్చాడు. దేశం మొత్తంమీద అభిప్రాయం మార్చుకునే శ్రమ పడనివాడు ఆయనొక్కడే అనిపిస్తుంది.

ఇప్పుడు ఆ 'డాన్సింగ్ క్వీన్' దగ్గరికే వద్దాం. పియానో మెట్ల మీద వేలు జర్రున జారుతుంది, ఆ వెంటనే పల్లవి. అదీ మొదటినుంచి కాదు, సగంలోంచి. వినేవాడు గుమ్మంలో అడుగు పెట్టేసరికే లోపల సంబరం మొదలైపోయినట్టు ఉంటుంది. ఆడవాళ్ల గొంతులు రెండే, వినిపించేది మాత్రం ఒక గుంపు. మైకేల్ ట్రెటో అనే సౌండ్ ఇంజినీరు అవే గొంతులను పదే పదే రికార్డు చేసి, టేపు వేగం వెంట్రుకవాసి తేడా చేసి ఒకదానిమీద ఒకటి పేర్చాడు. పాట సంతోషం గురించే, బాణీ మీద మాత్రం ఏదో దిగులు పొర కప్పి ఉంటుంది. ఇదంతా 1976లో విడుదలైన రికార్డులోనే ఉంది. విమర్శకులు మనసు మార్చుకున్న 1992లో ఎవరూ వచ్చి ఆ పియానోను మళ్లీ వాయించలేదు, ఆ గొంతులు మళ్లీ పేర్చలేదు. మరి ఆ పదహారేళ్లూ ఆ దిగులు ఎవరికీ వినపడలేదా? ఎందుకు వినపడలేదు! వినాల్సినవాళ్లకు శుభ్రంగా వినపడింది. సెక్స్ పిస్టల్స్ పాట 'ప్రెటీ వేకెంట్'కు మూలమైన స్వరం అబ్బావారి 'ఎస్ఓఎస్'లోంచి తట్టిందని ఆ బ్యాండు బేస్ వాయిద్యకారుడు గ్లెన్ మాట్లాక్ చెప్పాడు. పాప్ మొహాన ఉమ్మేయడమే వృత్తిగా పెట్టుకున్న పంక్ బ్యాండు అది! 1979లో వచ్చిన ఎల్విస్ కాస్టెల్లో 'ఆలివర్స్ ఆర్మీ'లో పియానో ఎక్కడిదో తెలియాలంటే డాన్సింగ్ క్వీన్ పక్కన పెట్టి వింటే సరి, కాస్టెల్లోయే ఆ మాట దాచలేదు. వాయించేవాళ్ల చెవులకు రెండు మూడేళ్లలో దొరికింది రాసేవాళ్ల చెవులకు పదహారేళ్లు పట్టిందంటే, ఆలస్యం పాటలో లేదు.

అసలు 1992లో ఏం జరిగింది? ఇరేజర్ అనే బ్రిటిష్ జంట నాలుగు అబ్బా పాటలు పాడి బ్రిటన్‌లో మొదటి స్థానం కొట్టింది. యూటూ బ్యాండు స్టాక్‌హోమ్ కచేరీలో బ్యోర్న్‌నూ బెన్నీనీ వేదిక మీదికి పిలిచి వాళ్లతో కలిసి డాన్సింగ్ క్వీన్ పాడింది. రెడింగ్ సంగీతోత్సవంలో నిర్వానా అనే రాక్ బ్యాండు కోరిక మీద బ్యోర్న్ అగైన్ అనే అబ్బా అనుకరణ బృందం వాయించింది. రికార్డు కంపెనీ అదే ఏడు పాత పాటల సంకలనం 'అబ్బా గోల్డ్' వదిలింది. దాని అట్ట చూడండి: నల్లటి నేపథ్యం, బంగారు అక్షరాలు. నలుగురి ఫొటో లేదు. వాళ్లు వేదిక మీద తొడిగే మెరుపుల పాంట్లు, శాటిన్ చొక్కాలు, మోకాళ్లదాకా బూట్లు ఏవీ లేవు. (వీధిలో తొడుక్కోలేని బట్టలైతేనే స్వీడన్‌లో పన్ను మినహాయింపు వచ్చేదని బ్యోర్న్ తర్వాత తాపీగా వివరించాడు. విమర్శకులు కళాదృష్టి లేదని ఏడ్చిన చోట ఉన్నది ఆడిటర్ దృష్టి.) బట్టలు కనపడకపోయేసరికి పాటలు వినపడటం మొదలైంది. ఆ ఆల్బమ్ 2021 నాటికి బ్రిటన్ తొలి వంద ఆల్బమ్‌ల జాబితాలో వెయ్యి వారాలు పూర్తిచేసింది. గంభీరులైన రాక్ బృందాలు ముందు కూర్చున్నాకే, వాళ్ల పక్కన కుర్చీ లాక్కుని కూర్చోవడానికి విమర్శకులకు ధైర్యం చిక్కింది.

దీనికి మొదటి అభ్యంతరం: వయసు వస్తే చెవులు పండవా? కుర్రతనంలో తీపి అనిపించింది నడివయసులో లోతుగా వినపడకూడదా? నిక్షేపంగా వినపడవచ్చు. కానీ పండటమే నిజమైతే ఒక్కొక్కరికీ ఒక్కో ఏట పండాలి. మామిడి తోటలో కూడా కాయలన్నీ ఒకే పూట పండవు, కార్బైడ్ వేస్తే తప్ప. లండన్ నుంచి న్యూయార్క్ దాకా ఇన్ని చెవులు రెండు మూడేళ్ల తేడాలో మూకుమ్మడిగా పండాయంటే లోపల ఏం పెట్టి మగ్గేశారని అడగాలి. రెండో అభ్యంతరం ఇంకా గంభీరమైనది: కాలమే తీర్పు చెప్పిందట. కాలానికి పనులు చేసిపెట్టే గుమాస్తాలు ఉంటారు. అబ్బా పాటల హక్కులు పోలిగ్రామ్ చేతికి వెళ్లాయి, సీడీలు వచ్చాయి, 1994లో ఆ పాటలు వాడుకున్న 'మ్యూరియల్స్ వెడ్డింగ్', 'ప్రిసిల్లా' అనే రెండు ఆస్ట్రేలియా సినిమాలు వచ్చాయి, 1999 ఏప్రిల్ 6న లండన్‌లో ఆ పాటలతోనే అల్లిన 'మమ్మా మియా' నాటకం మొదలైంది. బ్రైటన్ గెలుపుకు సరిగ్గా పాతికేళ్లు నిండిన రోజది. కాలం ఇంత పద్ధతిగా తేదీలు చూసుకుని తీర్పులిస్తుందా?

మూడో అభ్యంతరం మాత్రం తీసిపారేయదగ్గది కాదు. ప్రోగ్ వాళ్లకు ఒక వాదన ఉంది. వియత్నాం, చిలీ రక్తమోడుతున్న రోజుల్లో మెరుపుల బట్టలేసుకుని 'వాటర్లూ' అంటూ నెపోలియన్ ఓటమి మీద ప్రేమపాట పాడటం వాళ్లకు ఒళ్లు మండించింది. సంగీతాన్ని సరుకు చేయడం మీద వాళ్లది సూటైన కోపం. నాకు వాళ్ల మీద గౌరవమే. కాకపోతే ఆ కోపాన్ని ఈ రోజుకు లెక్కగట్టి చూడండి. 2022 మే 27న తూర్పు లండన్‌లో 'అబ్బా వాయేజ్' మొదలైంది. మూడు వేలమంది పట్టే హాలు దానికోసమే కట్టారు. వేదిక మీద పదిమంది వాద్యకారులు నిజం మనుషులు. పాడే నలుగురూ లేరు. వాళ్లకు సెన్సర్లున్న బిగుతు దుస్తులు తొడిగి, అయిదు వారాలపాటు 160 కెమెరాలు చుట్టూ పెట్టి కదలికలు పట్టి, స్టార్‌వార్స్ గ్రాఫిక్స్ చేసే ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ వాళ్లు 1979 నాటి పడుచు ముఖాలు అతికించారు. మనిషి లేడు, ప్లాస్టిక్ అని 1975లో అన్న మాట అప్పట్లో అతిశయోక్తి, ఇప్పుడు అక్షరసత్యం. తీరా చూస్తే ఆ మాట నిజమైన రోజునే విమర్శకులు హాల్లో కళ్లు తుడుచుకుంటూ ఎంత మానవీయం అన్నారు. వ్యాపారం మీద కోపమైతే అది ఇప్పుడు పదింతలు కావాలి, కృత్రిమత మీద కోపమైతే వందింతలు. అది ఆవిరైపోయిందంటే మొదట్లో చెప్పిన కారణాల్లో ఎన్ని కారణాలు, ఎన్ని సాకులు?

మనవాళ్లేమీ దీనికి అతీతులు కారు. 1977లో హిందీ సంగీతదర్శకుడు ఆర్డీ బర్మన్ 'హమ్ కిసీసే కమ్ నహీ'లో ఒక పాటకు అబ్బావారి 'మమ్మా మియా' పాట బాణీ ఎత్తుకొచ్చాడు. బతికుండగా కాపీరాయుడని తిట్టించుకుని, 1994లో పోయాక మేధావి అయ్యాడు. తెలుగులో ఆ 1977లోనే 'అడవి రాముడు' సినిమా వచ్చింది. అందులో పాటల రచన వేటూరి, సంగీతం కె.వి. మహదేవన్. ఆ పాటల బూతు గురించి పెద్దలు ముక్కు మూసుకున్నారు. మూడేళ్లు తిరగకుండా ఆ ఇద్దరే 'శంకరాభరణం' చేస్తే ఆ పెద్దలే చేతులు జోడించారు. ఇవాళ టీవీ పాటల పోటీల్లో అడవి రాముడు పాటకు కూడా న్యాయనిర్ణేతలు లేచి నిలబడి, ఆ రోజులే వేరండీ అని నిట్టూరుస్తున్నారు. తడిసిన చీరలు తెర మీంచి తొలగిపోయి బాణీ ఒక్కటీ మిగిలితే తప్ప మహదేవన్ పనితనం కనపడలేదంటే, మనకూ కావలసింది ఒక నల్లట్టే.

అయితే జన్మలో అభిప్రాయం మార్చుకోకూడదా అని అడుగుతారు. మార్చుకోవాలి, భేషుగ్గా. కానీ ఏ పాటలో ఏ చోట తప్పు విన్నారో చెప్పి మార్చుకోవాలి. 1982లో వచ్చిన 'ద డే బిఫోర్ యూ కేమ్' ఉంది. ఒక ఉద్యోగస్తురాలు తన మామూలు రోజంతా వరసగా ఏకరువు పెడుతుంది: రైలు, పేపరు, ఆఫీసు కాగితాలు, భోజనం, ఇంటికొచ్చి టీవీ, నిద్ర. దుఃఖం అనే మాటే రాదు, దుఃఖం తప్ప మరేమీ వినపడదు. "వీళ్లు సంబరాలు తప్ప పాడరనుకున్నాను, ఇది వినలేదు" అన్నవాడి మార్పు మార్పే. అలాంటివాళ్లు తక్కువ. ఎక్కువమంది చెప్పేది, లోలోపల తమకు ఎప్పుడూ ఇష్టమేనని. అంటే, అచ్చేసి అమ్మిన తిట్లన్నీ ఉత్తుత్తివేనన్నమాట! ఇష్టాన్ని దాచుకోకుండా బతికినవాళ్లు వేరే ఉన్నారు. 1976లో 'ఫెర్నాండో'ను పద్నాలుగు వారాలు మొదటి స్థానంలో కూర్చోబెట్టిన ఆస్ట్రేలియా జనం, గోడకు బొమ్మలు అంటించుకున్న స్కూలు పిల్లలు, ఎనభైల్లో లోకం మరిచిపోయినా క్లబ్బుల్లో ఆ పాటలు ఆపనివ్వని స్వలింగ ప్రేమికులు. అబ్బా నచ్చకపోవడానికి అసలు కారణం అబ్బా కాదు, అబ్బా నచ్చినవాళ్లు. ఆడపిల్లల సరసన, గృహిణుల సరసన, గే కుర్రాళ్ల సరసన కనపడటం ఆనాటి విమర్శకుడికి నామోషీ. 2010లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ అబ్బాను లోపలికి రానిచ్చింది. తలుపు దగ్గర ముప్పై అయిదేళ్లు కాపలా కాసిన పిల్లలకు పాసులు పంపిన దాఖలా లేదు.

ఇక తర్వాతి వంతు ఎవరిదో చూడటం కష్టమేమీ కాదు. నికెల్‌బ్యాక్ అనే కెనడా బ్యాండు ఉంది, ఈ శతాబ్దంలో అంతగా ఎగతాళైన రాక్ బ్యాండు మరొకటి ఉండదు. 2011లో డెట్రాయిట్ ఫుట్‌బాల్ ఆట విరామంలో వాళ్లు వాయించకూడదని యాభై వేలమందికి పైగా సంతకాలు పెట్టారు. 2023 మార్చిలో వాళ్లను కెనడియన్ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. అదే సెప్టెంబరులో టొరంటో చిత్రోత్సవంలో వాళ్లమీద ఒక డాక్యుమెంటరీ చూపించారు, పేరులోనే ద్వేషమూ ప్రేమా రెండూ ఉన్నాయి. ముహూర్తం దగ్గర పడినట్టే. ఇంకా తిట్టాలని మనసులో ఉన్నవాళ్లు త్వరపడటం మంచిది. ఆలస్యం చేస్తే, తిట్టకుండా నేరుగా పొగడాల్సి వస్తుంది, దానికి ఒక జీతమే.