బల్బుకు ఓటీపీ

నిజామాబాద్ జిల్లాలో బాల్కొండ, ఆర్మూర్ వైపు ఏ పసుపు చేను గట్టు మీద నిలబడి చూసినా, బోరు పక్కన రాతి కడీకి బిగించిన ఒక డబ్బా కనిపిస్తుంది. మూత తీస్తే లోపల మోటరు స్టార్టర్, దాని పక్కనే ఆటో స్టార్టర్. కరెంటు ఏ రాత్రి ఒంటిగంటకో వస్తే, కాసేపు ఆగి, తనంతట తానే మోటరు వేస్తుంది. టార్చిలైటు పట్టుకుని పాములూ తేళ్లూ తిరిగే గట్ల మీద నడిచే బాధ రైతుకు తప్పించింది. ఇంత తెలివి ఉన్నా దానికి స్మార్ట్ అని ఎవరూ బిరుదు ఇవ్వలేదు. అది రైతు ఫోన్ నంబరు అడగలేదు, జీమెయిల్ అడగలేదు, చేనులో మక్క వేశారో ఎర్రజొన్న వేశారో అమెరికాకు చేరవేయలేదు. చెడిపోతే మోటర్లు వైండింగ్ చేసే షాపులో పడేస్తే చాలు, బాగుచేసి ఇస్తారు. ఈ కాలపు ఇంటి సామాన్లతో నాకున్న పేచీ ఏమిటో ఈ డబ్బా ముందు నిలబడితే సులువుగా తెలుస్తుంది. యంత్రానికి తెలివి ఉండడం మీద నాకు అభ్యంతరం లేదు. ఆ తెలివి ఎవరి కొలువులో ఉందన్నదే తగాదా.

ఆటో స్టార్టర్ సాధువేమీ కాదు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు, ఈ డబ్బాలుంటే బోర్లు రాత్రింబవళ్లు నడిచి భూగర్భ జలాలు అడుగంటుతాయని ప్రభుత్వం భయపడింది. ఆ భయంలో న్యాయం ఉంది. చెప్పిన పనిని అతి శ్రద్ధగా చేసే పాలేరు వల్ల కూడా నష్టాలుంటాయి. అయితే అప్పుడు జరిగిన తంతు గమనించండి. ఆటో స్టార్టర్లు తీసేయండని ప్రభుత్వం రైతులకు పదేపదే నచ్చజెప్పాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ డబ్బాను ఆపే మీట హైదరాబాద్‌లో ఎవరి బల్ల మీదా లేదు. మీట గట్టు మీద ఉంది, దాన్ని విప్పే స్క్రూడ్రైవరు రైతు చేతిలో ఉంది. సర్కారంతటిది ఒక రేకు డబ్బా యజమానిని బతిమాలుకుంది. ఇప్పుడు మన ఇళ్లలోకి వస్తున్న యంత్రాలను తయారుచేసినవాడికి ఆ బాధ లేదు. వాడు మనల్ని బతిమాలడు, అడగడు, చాలాసార్లు చెప్పను కూడా చెప్పడు.

ఒక స్మార్ట్ బల్బును తీసుకుందాం. హోల్డర్‌లో తిప్పి పెట్టడానికి పది సెకన్లు. అక్కడితో బల్బు పని అయిపోయిందని మనం అనుకుంటాం, దాని పని అప్పుడే మొదలవుతుంది. యాప్ దించుకోండి. ఖాతా తెరవండి. నంబరుకు ఓటీపీ వస్తుంది, కొట్టండి. ఎవ్వరూ చదవని నలభై పేజీల షరతులకు ఒప్పుకోండి. వైఫై పాస్‌వర్డ్ ఇవ్వండి. చివరగా, మీరు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి అనుమతి ఇవ్వండి. బల్బు ఎక్కడుందో మనకు తెలుసు, మన నెత్తి మీదే ఉంది. మనం ఎక్కడున్నామో దానికెందుకు? దీనికి ఇంజినీర్లు చెప్పే జవాబులో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో చుట్టుపక్కలున్న బ్లూటూత్ పరికరాలను వెతకాలంటే లొకేషన్ అనుమతి తప్పనిసరిగా ఉండేది. 2021లో ఆండ్రాయిడ్ 12 వచ్చాక ఆ అవసరం పోయింది. అవసరం పోయింది కానీ అడిగే అలవాటు చాలా యాప్‌లకు పోలేదు. ఇంత తతంగం ముగిశాక సోఫాలో కూర్చుని ఫోన్‌లో మీట నొక్కితే, ఆ కబురు చాలా బల్బుల విషయంలో ఊరు దాటి, జిల్లా దాటి, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వరును దర్శించుకుని, ప్రసాదం తీసుకుని మళ్లీ మన హాలుకే వస్తుంది. ఆరడుగుల దూరానికి ఇంత తీర్థయాత్ర. నోటితో చెబుదామంటే ఇంకో తిప్పలు. అమెజాన్ వారి అలెక్సాకు ఇంగ్లిష్ వచ్చు, 2019లో హిందీ కూడా నేర్చుకుంది. బోధన్‌లో, నిజామాబాద్‌లో ఉర్దూతో బజారు పనులు చక్కబెట్టుకునేవాళ్లకు దాంతో పేచీ ఉండదు. బాల్కొండలో ఒక అవ్వ ‘గా ఫ్యాను జర బంద్ జెయ్యి బిడ్డా’ అంటే మాత్రం, ఆ వాక్యంలో దానికి అందేవి ‘ఫ్యాను’, ‘జర’, ‘బంద్’ లాంటి ముక్కలే.

ఇదంతా ఇంజినీర్ల తెలివితక్కువతనం అనుకుంటే పొరపాటు. వాళ్లు చాలా తెలివైనవాళ్లు, చెప్పిన లెక్కకు తగ్గట్టే కడుతున్నారు. చిక్కు లెక్కలో ఉంది. బల్బు ఒకసారి అమ్మితే ఒకసారే డబ్బు వస్తుంది, అది ఎక్కువ కాలం వెలిగితే అమ్మినవాడి ముఖం వాడిపోతుంది. ఈ బాధ కొత్తది కాదు. ఓస్రామ్, ఫిలిప్స్ వంటి పెద్ద కంపెనీలు 1924 చివర్లో జెనీవాలో కూడబలుక్కుని, బల్బు ఆయువును వెయ్యి గంటలకు కుదించాయి. వెయ్యిని బాగా దాటి వెలిగే బల్బులు చేసిన కంపెనీకి జరిమానా వేసుకున్నాయి. ఫీబస్ కార్టెల్ అని దానికి పేరు. అంటే వందేళ్ల కిందటే కొందరు ఇంజినీర్లు సరుకును బాగుచేయడానికి కాక, సమయానికి పాడుచేయడానికి జీతం తీసుకున్నారు. ఇప్పుడు అంత కష్టం కూడా అక్కర్లేదు. ఇంట్లో పెట్టిన యంత్రానికి కంపెనీ దాకా ఒక కనిపించని తీగ లాగితే చాలు. అమ్మిన తర్వాత కూడా నెలనెలా చందా, లేకపోతే మన అలవాట్ల సమాచారం, అదీ లేకపోతే ప్రకటన చూపించే చోటు, ఏదో ఒకటి రాలుతూనే ఉంటుంది. కట్నం మొత్తం లెక్కపెట్టి ఇచ్చాక కూడా పండగ పండగకీ అలిగే అల్లుడి వంటిది ఈ సరుకు. బీఎండబ్ల్యూ 2022లో కొన్ని దేశాల్లో కారు సీటు వేడెక్కడానికి నెల చందా పెట్టింది. వేడిచేసే తీగ అప్పటికే సీటులో ఉంది, దాన్ని మోస్తున్నది కొన్నవాడే, అయినా తాళంచెవి కంపెనీ దగ్గర. జనం నవ్వారు, తిట్టారు. మరుసటి ఏడాది కంపెనీ వెనక్కి తగ్గింది.

చెరుకు సీమలో పుట్టినవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన కథ ఒకటుంది. 2016లో అమెరికాలో జ్యూసెరో అనే యంత్రం వచ్చింది. ధర 699 డాలర్లు. దానికి పండ్లనిస్తే తీసుకోదు. కంపెనీయే అమ్మే ముక్కల సంచిని అందులో పెట్టాలి, యంత్రం సంచి మీది కోడ్‌ను చూసి, ఇంటర్నెట్‌లో విచారించి, గడువు దాటలేదని తేలితే అప్పుడు పిండుతుంది. పెట్టుబడిదారులు పన్నెండు కోట్ల డాలర్ల దాకా గుమ్మరించారు. 2017 ఏప్రిల్‌లో బ్లూమ్‌బర్గ్ విలేకరులు ఆ సంచిని ఉత్త చేతులతో పిండి చూశారు. దాదాపు యంత్రం ఇచ్చినంత రసమూ అంతే వేగంగా వచ్చింది. ఆ సెప్టెంబరుకు దుకాణం మూసేశారు. బోధన్ రోడ్డు మీద చెరుకు రసం బండివాడు రెండు ఇనుప రోలర్ల మధ్య గడను పెట్టి, మధ్యలో అల్లం ముక్క, నిమ్మచెక్క ఇరికించి, మడిచి మళ్లీ తిప్పి, పిప్పిని అవతల పారేస్తాడు. ఆ బండిలో ప్రతి పళ్లచక్రానికీ ఒక పని ఉంది. జ్యూసెరోలోనూ ప్రతి భాగానికీ ఒక పని ఉంది, కాకపోతే అందులో చాలా వాటి పని రసం తీయడం కాదు.

బోధన్ పేరు ఎత్తాక శక్కర్‌నగర్‌ను దాటిపోవడం కుదరదు. 1937లో అక్కడ పుట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటి. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. దాని మీద బతికినవాళ్ల గోడు ఈ నవ్వుల వ్యాసంలో ఇమిడేది కాదు. ఇక్కడికి పనికొచ్చేది ఒక్క సంగతి: ఆ ఫ్యాక్టరీ ఆగింది పుస్తకాల్లో లెక్క కుదరక. గానుగ తిరగడమూ ఆగడమూ దూరాన ఎక్కడో తేలే లెక్క మీద ఆధారపడితే ఏమవుతుందో ఈ జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. ఇప్పుడు అదే ఏర్పాటు మన గోడ మీదికి వచ్చింది. రివాల్వ్ అని ఇంటి పరికరాలన్నిటినీ నడిపే 300 డాలర్ల పెట్టె ఒకటుండేది. గూగుల్‌కు చెందిన నెస్ట్ ఆ కంపెనీని కొని, 2016 మే 15న సర్వరు ఆపేసింది. పెట్టె చెడలేదు, పిడుగు పడలేదు, కానీ మర్నాటి నుంచి అది ఇటుకతో సమానం. 2025 అక్టోబరు 25న ఇంటి వేడిని అదుపుచేసే నెస్ట్ మొదటి రెండు తరాల థర్మోస్టాట్‌లకూ ఫోన్‌తో తెగదెంపులయ్యాయి. గోడ దగ్గరికి పోయి చేత్తో తిప్పితే పనిచేస్తాయి, అంటే స్మార్ట్ అని ఎక్కువ డబ్బు పెట్టి కొన్నది చివరికి మామూలు మీట అయింది. అంతకు ఐదు రోజుల ముందు, అక్టోబరు 20న, వర్జీనియాలోని అమెజాన్ సర్వర్లు కుప్పకూలాయి. ఎయిట్ స్లీప్ అనే కంపెనీ పరుపులు వేసుకున్న కొందరికి ఆ రాత్రి పక్క వేడెక్కింది, కొందరికి తలవైపు ఎత్తు దిగలేదు. నులక మంచం ఏ రోజూ వర్జీనియా వైపు చూడలేదు. ఆ తర్వాత కొద్ది రోజులకే ఆ కంపెనీ ఇంటర్నెట్ లేకున్నా బ్లూటూత్‌తో నడిచే ఏర్పాటు తెచ్చింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే. చేయలేక చేయలేదంటే సరిపెట్టుకోవచ్చు. చేయగలిగీ, నవ్వులపాలయ్యేదాకా చేయలేదు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. ఈ ప్రాంతంలో దుబాయ్‌కో మస్కట్‌కో పోయినవాళ్ల ఇళ్లు ఎన్నో. ఇంట్లో ముసలి తల్లిదండ్రులు మాత్రమే ఉంటే, వాకిట్లో ఒక కెమెరా ఉండడం పెద్ద ఊరట. డ్యూటీ దిగిన కొడుకు ఫోన్‌లో అమ్మ పసుపు కొమ్ములు ఎండబెట్టుకోవడం చూసి, ‘ఎండలో ఎందుకు కూర్చున్నవే’ అని ఫోన్ చేస్తాడు. దీన్ని వెక్కిరించేవాడికి వలస అంటే తెలియదు. అవసరం నిజం కాబట్టే మోసం మరీ కష్టంగా ఉంటుంది. అమెజాన్‌కు చెందిన రింగ్ కెమెరాల కంపెనీలో ఉద్యోగులు, కాంట్రాక్టర్లు వాడకందార్ల ఇంటి వీడియోలను చూసే వీలుండేదని అమెరికా వినియోగదారుల రక్షణ సంస్థ ఎఫ్‌టీసీ 2023లో కేసు పెట్టింది. కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టుకుంది. అదే రోజు, పిల్లల గొంతు రికార్డులను తొలగించకుండా దాచినందుకు అలెక్సా వైపు నుంచి రెండున్నర కోట్ల డాలర్లు. విజియో టీవీలు ఇంట్లోవాళ్లు ఏం చూస్తున్నారో క్షణక్షణం గమనించి అమ్ముకున్నందుకు 2017లో 22 లక్షల డాలర్లు. అమ్మను చూడాల్సింది కొడుకు, మధ్యలో మూడోవాడికి పీట వేయక్కర్లేదు. వీడియో ఇంట్లోని పెట్టెలోనే దాగి, కొడుకు ఫోన్‌కు మాత్రమే తలుపు తీసే కెమెరా కట్టడం బ్రహ్మవిద్య కాదు.

సర్వర్లకు ఖర్చవుతుంది కదా, చందా అడిగితే తప్పా అంటారు ఇంకొందరు. తప్పు లేదు, సర్వరు నిజంగా కావాల్సిన పనికైతే. హాల్లో లైటుకు అది అక్కర్లేదు. 2022 అక్టోబరులో పెద్ద కంపెనీలే కలిసి మ్యాటర్ అనే ప్రమాణం తెచ్చాయి, దాని ప్రకారం పరికరాలు ఇంటి లోపలే ఒకదానితో ఒకటి మాట్లాడుకోవచ్చు. ఇష్టం లేకపోతే కొనకండి అనే మూడో వాదన వినడానికి బాగుంటుంది. షాపుకు పోయి స్మార్ట్ కాని పెద్ద టీవీ అడిగి చూడండి, షాపువాడు జాలిగా చూస్తాడు. ఇక నన్ను చూసి కొత్తదంటే గిట్టని మనిషి అనుకునేవాళ్లకు ఫ్యాన్‌ను సాక్షిగా పిలుస్తాను. పాత సీలింగ్ ఫ్యాను 75 వాట్ల దాకా తాగుతుంటే, బీఎల్‌డీసీ మోటరుతో నడిచే కొత్త రకం ఫ్యాను దాదాపు అదే గాలిని 30 వాట్లతో ఇస్తుంది. ఇది అసలైన ఇంజినీరింగ్. ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు నడుస్తుంది, బిల్లు తగ్గుతుంది, ఎవరికీ చాడీలు చెప్పదు. దాన్ని కూడా వైఫైకి కట్టేసి అమ్మేవాళ్లు బయల్దేరారు, అది వేరే సంగతి. శామ్‌సంగ్ 2025లో అమెరికాలో తన ఫ్రిజ్‌ల తెర మీద ప్రకటనలు పెట్టి చూసింది. ఫ్రిజ్‌ను తయారుచేసేటప్పుడు పెరుగు పులవకుండా చూడమని ఎవరూ గుర్తుచేయక్కర్లేదనుకునే రోజులు పోయినట్టున్నాయి.

ఐదు రూపాయల బిస్కెట్ పుడా మీద కూడా ఎప్పటిదాకా పనికొస్తుందో అచ్చువేస్తారు. వేలు పోసి కొనే పరికరం మీద సర్వరు ఎప్పటిదాకా ఉంటుందో ఒక్క ముక్క ఉండదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి భద్రతా అప్‌డేట్‌లు కనీసం ఎంతకాలం ఇస్తారో కంపెనీ ముందే చెప్పాలన్న చట్టం అమల్లోకి వచ్చింది. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, వస్తువులను బాగుచేసుకునే వీలును బట్టి మార్కులు వేసే సూచీ మీద కమిటీ కూడా వేసింది. సీలింగ్ ఫ్యాన్‌కు 2023 నుంచి స్టార్ గుర్తు తప్పనిసరి చేయగలిగిన దేశానికి, పెట్టె మీద ఇంకో రెండు వరుసలు అచ్చువేయించడం కష్టమేమీ కాదు. ఇంటర్నెట్ లేకపోతే ఇందులో ఏది నడుస్తుంది, సర్వరు ఏ సంవత్సరం దాకా ఉంటుంది. ఆ రెండు వరుసలు వచ్చేదాకా మీరే అడగండి. ఆర్మూర్‌లో కొన్నా, నిజామాబాద్‌లో కొన్నా, డబ్బు కట్టేముందు షాపువాడితో వైఫై తీసేయించి పరికరాన్ని వేసి చూపించమనండి. వేయలేకపోతే పెట్టెలో పెట్టి ఇచ్చేసి, గోడ స్విచ్చుతో వెలిగే మామూలు బల్బు తెచ్చుకోండి. అది చవక కూడా.