గ్రాము బొగ్గులో 1200 గజాలు

ఔటర్ రింగ్ రోడ్డుకి మేడ్చల్ ఎగ్జిట్ 6, శామీర్‌పేట ఎగ్జిట్ 7. మొత్తం 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి స్కూటీలను రానివ్వరు. అందుకని పైన కార్లవాళ్ళు ఏసీ వేసుకుని రెండు పాటలు వినేలోగా ఆరు నుంచి ఏడుకు చేరిపోతుంటే, కింద సర్వీసు రోడ్డులో మేము కంకర టిప్పర్ల వెనకాల ఊపిరి బిగబట్టుకుని వెళ్తుంటాం. ఇల్లు మేడ్చల్, ఉద్యోగం శామీర్‌పేట దాటాక తుర్కపల్లి దగ్గర. హెల్మెట్ అద్దం దించినా, స్కార్ఫు కళ్ళదాకా చుట్టినా, సాయంత్రం మొహం కడిగితే సింకులోకి దిగే నీళ్ళ రంగు చూసి మా అమ్మాయి అంటుంది కదా: "మమ్మీ, నీ మొహం మీద ఎవరో వెంచర్ వేస్తున్నారు."

తమాషా ఏమిటంటే నేను పనిచేసేది జీనోమ్ వ్యాలీలో, ఓ టీకాల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో. అక్కడ లోపలి గదుల్లోకి వెళ్ళాలంటే కాటుక, పౌడరు, లిప్‌స్టిక్ ఏవీ ఉండకూడదు. బొట్టుబిళ్ళ కూడా అద్దానికి అంటించి వెళ్ళాల్సిందే. కదలకుండా నిలబడ్డ మనిషి సైతం నిమిషానికి లక్ష కణాలు రాలుస్తాడని ట్రైనింగ్‌లో మొదటి రోజే చెప్తారు. ఆ మాట విన్న కొత్తలో నేను పెళ్ళిళ్ళలో కూడా జనాన్ని చూసి మనసులో గుణించుకునేదాన్ని. మొత్తానికి నా మొహం ఆ గదిలో ముద్దాయి, సర్వీసు రోడ్డు మీద బాధితురాలు.

ఈ కేసును మా అమ్మాయి చేపట్టింది. బీటెక్ చదువుతోంది కనుక ఏ సమస్యకైనా పరిష్కారం ఆర్డర్ పెట్టగలదు. ఓ ఆదివారం పొద్దున్న కిటికీ దగ్గర కూర్చోబెట్టి, గడ్డం పట్టుకుని మొహం వెలుతురుకు తిప్పి, ముక్కును అట్నుంచీ ఇట్నుంచీ పరిశీలించి, "బ్లాక్‌హెడ్స్. చాలా" అంది. పెళ్ళిచూపుల్లో కూడా నా ముక్కును ఎవరూ ఇంత శ్రద్ధగా చూడలేదు. తర్వాత టేబుల్ మీద ఓ నల్ల ట్యూబు పెట్టింది. చార్‌కోల్ పీల్ ఆఫ్ మాస్క్. పూయాలి, ఆరనివ్వాలి, లాగాలి. వీడియో కూడా చూపించింది. అందులో ఓ అమ్మాయి నల్లటి పొరను ముక్కు మీంచి లాగి, లోపలి వైపు కెమెరాకు తిప్పి చూపించింది. సన్నటి ముళ్ళు నిక్కబొడుచుకుని ఉన్నాయి. నేను "ఛీ" అని, మళ్ళీ వెనక్కి జరిపి ఇంకోసారి చూశాను.

బొగ్గంటే నాకు చిన్నచూపు లేదు. మా నాయనమ్మ చివరిదాకా బొగ్గుపొడితోనే పళ్ళు తోముకుంది, ఆ పళ్ళతోనే చెరుకు కూడా నమిలింది. ఇక ఉత్తేజిత బొగ్గు సంగతి ఆఫీసు తరఫున కూడా తెలుసు. మా ప్లాంటులో నీళ్ళలోని క్లోరిన్‌ను పట్టేది అదే. విషం మింగినవాళ్ళకు ఆస్పత్రిలో తాగించేదీ అదే. మొదటి ప్రపంచయుద్ధంలో, 1915లో, జెలిన్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త సైనికుల ముసుగుల్లో పెట్టిందీ అదే. కొబ్బరిచిప్పను కాల్చి, ఆవిరితో లోపలంతా చిల్లులు పొడిపిస్తే, ఒక్క గ్రాములో వెయ్యి చదరపు మీటర్ల దాకా లోపలి వైశాల్యం తయారవుతుంది. మేడ్చల్ వాళ్ళకి చదరపు మీటర్లు ఎక్కవు కాబట్టి గజాల్లో చెప్తాను: దాదాపు 1200 గజాలు. ఒకప్పుడు ద్రాక్షతోటలుండే ఈ చుట్టుపక్కల ఇప్పుడు పండేది గజాలే. అందులో 1200 గజాల బిట్టు, ఏ అన్నదమ్ముల తగాదా లేకుండా, లింకు డాక్యుమెంట్ల బెడద లేకుండా, చిటికెడు బొగ్గులో ఉందంటే మా బ్రోకర్లకు ఇన్నాళ్ళూ కనపడకపోవడమే వింత.

కాకపోతే ఆ గజాల్లోకి ఎవరైనా కాపురానికి రావాలంటే గాలో నీళ్ళో ఆ చిల్లుల గుండా పారాలి. ట్యూబులో బొగ్గుకు ఆ యోగం లేదు. దాన్ని పాలీవినైల్ ఆల్కహాల్ అనే జిగురులో ముంచేశారు. ఆ జిగురే ఆరి పొర కడుతుంది, ఆ జిగురే అంటుకుంటుంది, లాగినప్పుడు ఆ జిగురే పీకుతుంది. బొగ్గు ఊరికే నల్లగా కూర్చుంటుంది. పెళ్ళిపందిట్లో సూటు వేసుకుని తిరిగే దూరపు బంధువుకు ఇంతకన్నా పని ఉంటుంది. ఈ మాట మా అమ్మాయికి చెప్పబోతే, "మమ్మీ, మాట్లాడకు, పూస్తున్నా" అంది.

ముక్కుకు మాత్రమే అనుకున్నాం. ట్యూబు పెద్దదిగా కనిపించేసరికి దాని ధర్మబుద్ధి పెరిగింది. నుదురు, బుగ్గలు, గడ్డం, పైపెదవి మీదా, కింది పెదవి కిందా అంతా పూసేసింది. మా అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి, చెంగు నోటికడ్డం పెట్టుకుని, కాసేపు చూసి అడిగింది: "మొకానికి తారు పోయించుకున్నవేందే? రోలర్ ఎప్పుడొస్తది?"

నవ్వకూడదు. నవ్వితే పొర పగులుతుందట. ఆరే కొద్దీ చర్మం బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గ్యాసు బండి హారన్ మోగింది. కనెక్షన్ నా పేరు మీద, కోడ్ నా ఫోన్‌కి వచ్చింది, ఫోన్ నా చేతిలో ఉంది. కుర్రాడు సిలిండరు దించి తలెత్తి, ఒక్క అడుగు వెనక్కి వేసి, "కోడ్ చెప్పండి మేడం" అన్నాడు. చెప్పబోయాను. రాలేదు.

ఆ రోజు నాకు తెలిసొచ్చింది, ఒకటి నుంచి పది దాకా పెదవి కదపకుండా పలికే అంకె తెలుగులో ఒక్కటీ లేదు. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు అన్నిటి చివరా మూతి ముందుకు సాచాల్సిందే. ఎనిమిది, తొమ్మిదిల్లో పెదాలు కలవాలి. పదికి మొదట్లోనే కలవాలి. ఒకటికి నోరు గుండ్రంగా చుట్టాలి. పోనీ సున్నా అందామంటే అదీ అంతే. చివరికి వేళ్ళు చూపించాను. అతను నా వేళ్ళు చూడకుండా మొహాన్నే చూస్తుండటంతో రెండుసార్లు తప్పు కొట్టాడు.

మా ఆయన జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరర్. భార్య కష్టంలో ఉంటే ఆయనకు ప్రబంధాలు గుర్తొస్తాయి. "నిరోష్ఠ్యం!" అన్నాడు సంబరంగా, పేపరు మడిచి. కుతుబ్‌షాహీల కాలంలో మరింగంటి సింగరాచార్యులు పెదవులు తగిలే అక్షరమే లేకుండా ఓ కావ్యం మొత్తం రాశాడట. రాముడి కథే, కానీ రాముడి పేరులోనే మకారం ఉంది, ఏం చేస్తాడు? దశరథరాజనందన చరిత్ర అని పేరు పెట్టాడు. అంతకన్నా ముందు సంస్కృతంలో దండి దశకుమారచరితంలో మంత్రగుప్తుడనే ఒకాయన ఉన్నాడట. ప్రియురాలి పంటిగాట్ల వల్ల పెదవులు నొప్పెట్టి, తన కథంతా ఓష్ఠ్యాలు లేకుండా చెప్పాడట. ఈ రెండో ముచ్చట అత్తమ్మ ముందు, కూతురి ముందు చెప్పడం అవసరమా? ఆ మంత్రగుప్తుడికి ప్రియురాలు, నాకు పాలీవినైల్ ఆల్కహాల్. ఏమీ అనలేక గుడ్లురిమాను. కళ్ళచుట్టూ మాత్రమే మాస్క్ లేదు కనుక అది బాగానే కుదిరింది.

ఆరింది. లాగడం మొదలైంది. చెవుల పక్కన పట్టుకుని మా అమ్మాయి మెల్లగా ఎత్తుతుంటే, అక్కడ నాకు అంత నూగు ఉందన్న సంగతి జీవితంలో మొదటిసారి తెలిసింది. ఒక్కో వెంట్రుకా విడివిడిగా వీడ్కోలు చెప్పింది. పైపెదవి దగ్గరికి వచ్చేసరికి నిరోష్ఠ్యం వదిలేసి, పవర్గంలోని అన్ని అక్షరాలతోనూ అరిచాను. పార్లర్‌లో థ్రెడింగ్‌కు ఇచ్చే డబ్బులు ఆ నెలకు మిగిలాయి. ఇంత ఘనకార్యం చేసి, ముక్కు దగ్గరికి వచ్చేసరికి పొర ఏ నొప్పీ లేకుండా, ఏ పట్టూ లేకుండా ఊడొచ్చింది. పని ఎక్కడ ఉందో అక్కడ తప్ప మిగతా అన్ని చోట్లా నిష్ఠగా పనిచేసింది.

నేను క్వాలిటీ కంట్రోల్ మనిషిని. ఆ పొరను ఆఫీసు మైక్రోస్కోపు కింద పెడితే ఉద్యోగం ఉండదు గనక, ఫోన్ కెమెరాను దగ్గరికి పెట్టి చూశాను. నూగు వెంట్రుకలు ఓ అడవి. తెల్లటి పొట్టు చాలా. అక్కడక్కడా లేతరంగు చిన్న మొలకలు. అద్దంలో చూస్తే ముక్కు మీది చుక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి, చుట్టూ చర్మం ఎర్రబడటంతో మరింత ప్రస్ఫుటంగా.

ఇక్కడ టిప్పర్ల పక్షాన ఒక మాట చెప్పాలి. అవి నిర్దోషులు. బ్లాక్‌హెడ్ నలుపు రోడ్డు మీది దుమ్ము కాదు. చర్మరంధ్రంలో మన నూనే, మన మృతకణాలే కలిసి గట్టిపడతాయి. పైన మూత లేకపోతే గాలి తగిలి అందులోని మెలనిన్, కొవ్వు ఆక్సీకరణ చెంది నల్లబడతాయి. మూత ఉంటే అదే సరుకు తెల్లగా ఉంటుంది. అద్దాల మేడలో కూర్చున్నా వస్తాయి, హిమాలయాల్లో తపస్సు చేసినా వస్తాయి. పైగా ముక్కు మీద మనం చూసి కంగారుపడే చుక్కల్లో చాలామటుకు అసలు బ్లాక్‌హెడ్సే కావు. నూనె పైకి రావడానికి ప్రతి మనిషికీ ఉండే మామూలు దారులు. ఎంత పీకినా నెల తిరక్కముందే మళ్ళీ నిండుతాయి. ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుంటాయి, చల్లనీళ్ళు కొడితే మూసుకుంటాయి అని వీడియోల్లో చెప్తారు గానీ, తలుపులా తీసి వేయడానికి వాటికి కండరాలు లేవు. నిజంగా పనిచేసేవి చర్మం డాక్టర్లు రాసే సాలిసిలిక్ ఆమ్లం, అడాపలీన్ వంటివి. వాటితో వారాలు, నెలలు పడుతుంది. అంతా అయ్యాక చేతిలో పట్టుకుని చూపించడానికి ఏమీ మిగలదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. మనకు బాగుపడటం చాలదు, ఏం బయటికి వచ్చిందో చూడాలి. మా అపార్ట్‌మెంటుకు నీళ్ళ ఫిల్టరు అమ్మడానికి వచ్చినాయన కుళాయి నీళ్ళలో రెండు కడ్డీలు పెట్టి కరెంటిచ్చాడు. నిమిషంలో గ్లాసు నీళ్ళు గోధుమరంగులోకి తిరిగి, పైన తెట్టు కట్టాయి. "ఇదమ్మా మీరు తాగుతున్నది" అన్నాడు. ఆ రంగు నీళ్ళలోది కాదు, కడ్డీలోని ఇనుము కరిగి వచ్చినదని నేను మెట్ల మీద నిలబడి చెప్తూనే ఉన్నాను. నా మాట వినేలోపే పక్క ఫ్లాటు వాళ్ళు అడ్వాన్సు ఇచ్చేశారు. తెట్టు ముందు రసాయనశాస్త్రం నిలుస్తుందా? శామీర్‌పేటలో నల్సార్ ఉంది. న్యాయశాస్త్రం చదివే పిల్లలు అక్కడ సాక్ష్యం మీద పరీక్షలు రాస్తారు. వాళ్ళను ఓసారి మా మెట్ల మీదికి తీసుకొస్తే బాగుండు.

ఇక మేము జీనోమ్ వ్యాలీలో చేసే సరుకు దీనికి పూర్తిగా వ్యతిరేకం. టీకా వేయించుకున్నాక ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. అదే దాని గొప్ప. మా మేడ్చల్లోనే కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు పెట్టిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే తయారైన మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా తెచ్చింది. ఆ టీకా వేయించుకుని జబ్బు రాకుండా బతికినవాళ్ళు ఎంతమందో, వాళ్ళలో ఒక్కడూ అద్దం ముందు నిలబడి "రాలేదు, చూడు!" అని వీడియో తీసుకోలేదు. రాని జబ్బును కెమెరాకు తిప్పి చూపించలేం. బహుశా ఈ సంగతి గ్రహించే కాబోలు, ఆయన పక్కనే హాసం అనే హాస్య, సంగీత పత్రిక కూడా నడిపారు. నవ్వయితే బయటికి వచ్చినట్టు కనీసం వినపడుతుంది.

సాయంత్రానికి నా మొహం ఎర్రగా కంది, బుగ్గల మీద చిన్న పొక్కులు లేచాయి. చల్లటి బట్ట వేసుకుని పడుకుంటే అత్తమ్మ ఉప్పూ ఎండుమిరపకాయలూ పిడికిట పట్టుకుని వచ్చి నా చుట్టూ మూడుసార్లు తిప్పి, స్టవ్ మంటలో వేసింది. ఇల్లంతా ఘాటు రాలేదు, ఎవరికీ దగ్గు రాలేదు. ఆవిడ విజయగర్వంతో మా ఆయన వైపు తిరిగింది: "చూసినవా? ఒక్క దగ్గన్న వచ్చిందా? గింత దిష్టి ఉన్నది పోరికి!" పొగ మొత్తం చిమ్నీ లాగేసిందని చెప్దామని నోరు తెరిచి, మూశాను. దిష్టికి మాత్రం నిజంగానే ఆధారం ఉంది, నన్ను ఆ వేషంలో చూసిన గ్యాసు కుర్రాడు ఉన్నాడు కదా.

తర్వాత ఆవిడ చెత్తబుట్ట పక్కన టిష్యూ మీద ఆరేసి ఉన్న నల్లపొరను వేలితో పైకెత్తి, లైటు కింద పెట్టి, కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. నూగును, పొట్టును, మొలకల్ని ఒక్కొక్కటిగా. ఆమె మొహంలో రకరకాల భావాలు వచ్చి పోయాయి. ఆ నూగు సంగతి చెప్పి, ఇది పనికిరాని సరుకని విడమర్చి చెప్పాను. బ్లాక్‌హెడ్ గురించి, జిగురు గురించి, గజాల గురించి కూడా. ఆవిడ అంతా విని, తల ఊపి, మనవరాలి గదివైపు నడిచింది.

లోపల్నుంచి గొంతు వినిపించింది. "బిడ్డా, ఆ డబ్బల ఇంక జర మిగిలిందా ఏంది? నా ముక్కుకు రాయి. ముక్కుపుల్ల తియ్య, దాని పక్కపొంటి రాయి. ఊడొచ్చింది మాత్రం పారెయ్యకు. రేపు ముంగటింటామెకు చూపియ్యాలె."