ముద్రసుత్తె ఆత్మకథ

ఒకవైపు గొడ్డలివాదర, రెండవవైపు సర్కారువారి యక్షరములు త్రిప్పి చెక్కిన ముఖము, నడుమ కఱ్ఱపిడి: ఇదియే నా స్వరూపము. వాదరతో బెరడు చెక్కి, తెల్లబడినచోట నన్నొక్కదెబ్బ కొట్టినచో ఆ వృక్షము దొరవారిది. చాందా యడవులలోను అల్లాపల్లి టేకువనములలోను నేను గావించిన యుద్యోగ మింతియే. కాని యే ఖడ్గమును ఇంత నిశ్శబ్దముగ ఇంత భూమిని గెలిచియుండదని నా నమ్మకము.

నాకు ముందు ఆ పని చేసినది త్రాడు. భోంస్లే రాజునకు సంతానము లేదను మిషతో కుంపిణీవారు 1854లో నాగపూరు రాజ్యమును కలుపుకొనగా, పూర్వము గోండురాజు లేలిన యీ చాందాయు వారి వశమయ్యెను. గోండులను రోహిలాలను కూర్చుకొని 1858లో తిరుగబడిన జమీందారుబిడ్డ బాబూరావు శేడ్మాకేను ఆ యేటి అక్టోబరు 21వ తేదీన చాందా కారాగారములో ఉరితీసిరి. త్రాటి కందినవి కొందఱి కంఠములే. మిగిలినవారి నేమి చేయవలెనను ప్రశ్నకు జవాబుగ నేను పుట్టితిని.

1864లో అటవీశాఖ యేర్పడెను. బ్రాండిస్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు దానికి ప్రథమాధికారి. రైలుమార్గములకు స్లీపర్లు కావలసెను గనుక 1865లోను 1878లోను చట్టములు వెలువడెను. పొదలు కాల్చి బూడిదలో గింజలు చల్లుకొను పోడు నేరమయ్యెను. తాతలనాటి యడవిలో కట్టె కొట్టినవాడు దొంగయు, దానినే కోసి బండ్ల కెక్కించినవాడు సంరక్షకుడును అయిరి. పెర్సాపేన్ నివాసమని గోండులు మ్రొక్కు నల్లమద్దిపై నన్ను మోపిననాడు, నన్నెత్తిన జవానును గోండుబిడ్డయే. వాడు ముందు చేతులు జోడించి, పిదప కొట్టెను.

ఆ చట్టములవలననే యడవి నిలిచినదిగదా యని వాదించు పెద్దలున్నారు. తాడోబాలో నేటికిని పులులు తిరుగుచున్నమాట నిజమే. నా పుట్టుకకు పూర్వము దానిని నిలిపినవారెవరో మాత్రము వారు చెప్పరు. ప్రాణహిత కావల నైజామునందును ఇదే కథ. అడవిపై హక్కుకై పోరిన గోండునాయకుడు కొమురం భీము 1940లో జోడేఘాట్‌లో నేలకొఱిగెను. దొరలు వేఱు, సుత్తె యొకటే.

తెల్లదొరలు వెడలినను నేను కొలువు విడువలేదు, వారి 1927 చట్టమును విడువలేదు; గడ్డిజాతి వెదురును సైతము చెట్టుగా నెంచిన విచిత్రమైన చట్టమది! 2006లో అటవీహక్కుల చట్టము వచ్చిన పిమ్మట, ఒకప్పుడు చాందాజిల్లాలోనిదే యైన గడ్చిరోలియందలి మేంఢా-లేఖా గోండులు సామూహికహక్కును సాధించి, తమ వెదురును తామే యమ్ముకొనుటకు వలయు రవాణాచీటీల పుస్తకమును 2011లో గ్రామసభకు తెచ్చుకొనిరి. ఆ చీటీలపై వ్రాలు చేయువారు ఊరివారే.