గదులాయన

పెద్ద సంస్థలకు ప్రాంగణంలోనే ఒక అతిథిగృహం ఉంటుంది. ముంబై ఐఐటీలో వనవిహార్, జలవిహార్; మద్రాసు ఐఐటీలో తరమణి; విశాఖ ఉక్కునగరంలో హిల్‌టాప్. కట్టడాలకు ఇంత ముచ్చటగా పేర్లు పెట్టినవాళ్లు, లోపల కౌంటర్ వెనక కూర్చునే మనిషికి పేరు పెట్టడం మరిచిపోయారు. ఆర్డరు కాగితం మీద ఆయన సీనియర్ అసిస్టెంటో, కేర్‌టేకరో, గెస్ట్‌హౌస్ ఇన్‌ఛార్జో అయివుంటారు. క్యాంపస్‌లో మాత్రం ఏ సంస్థలోనైనా ఆయన గదులాయనే.

నడివయసు, చదువుకునే కళ్లద్దాలు, ఎదురుగా పొడవాటి రిజిస్టర్, వెనక గోడకు కొక్కేల నిండా తాళంచెవులు. దారిలో ఎదురైతే ప్రొఫెసర్లు ఆగి మరీ ఆరోగ్యం అడుగుతారు. అడిగినవాళ్లకల్లా గది కావాలని ఆయనకు తెలుసు. అందుకే "బాగున్నానండీ" అన్న వెంటనే "ఏ తేదీలకండీ?" అంటారు.

గదులాయన నోట 'లేదు' అన్న మాట రాదు. "చూద్దాం సార్" అన్నారంటే లేదని. "సాయంత్రం ఒకసారి గుర్తుచెయ్యండి" అంటే ఉంది, మీకు కాదు. "డీన్‌గారి ఆఫీసు నుంచి ఒక మాట చెప్పించండి" అంటే ఉంది, మీకే, కానీ రేపు ఎవరైనా నిలదీస్తే చూపించుకోవడానికి ఒక పెద్ద పేరు కావాలి. "రండి సార్, ముందు కాఫీ తాగుదాం" అన్నారా, మీ గదిలో అప్పటికే ఇంకొకరు స్నానం చేస్తున్నారు.

ఆయన పని గదులివ్వడమని అందరూ అనుకుంటారు. గదులివ్వడానికి తాళంచెవి చాలు. ఆయన అసలు పని, రానివాళ్లెవరో ముందే కనిపెట్టడం. గది కావలసినవాడు పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి భోంచేస్తూ ఒకసారి ఫోన్ చేస్తాడు. ఆ గది అక్కర్లేకపోయినప్పుడు అదే మనిషికి ఫోన్‌లో సిగ్నల్ ఉండదు. సెలెక్షన్ కమిటీ అంటే నలుగురు నిపుణులకు నాలుగు గదులు అట్టేపెడతారు. ఒకాయన ఆన్‌లైన్‌లో కూర్చుంటానంటాడు. ఇంకొకాయన ఊళ్లో ఉన్న పాత శిష్యుడి ఇంట్లో దిగుతాడు. మూడో ఆయన పొద్దున విమానంలో వచ్చి సాయంత్రం విమానంలో వెళ్లిపోతాడు. నాలుగో ఆయన మాత్రం భార్య, అత్తగారు, మామగారితో సహా వచ్చి రెండు గదులు కావాలంటాడు. లెక్క మొత్తానికి సరిపోతుంది గానీ ఏ గదికి ఎవరు సరిపోయారో ఆడిట్‌కు చెప్పడం కష్టం.

అందుకని ముందురోజు మధ్యాహ్నం ఆయనే అందరికీ ఫోన్లు చేస్తారు.

"నమస్తే సార్, గెస్ట్‌హౌస్ నుంచండీ. రేపు మీ పేరున రెండు గదులున్నాయి."

"అవునా? ఎవరికోసం?"

"మీరే చెప్పాలి సార్."

"ఓహో, ఆ వర్క్‌షాపా! అది వచ్చే నెలకు మారిందయ్యా."

"అయితే తీసెయ్యమంటారా సార్?"

"తీసెయ్యడమెందుకు? ఉండనీ. ఎందుకైనా మంచిది."

గదులాయన ఉద్యోగమంతా ఈ 'ఎందుకైనా మంచిది'తో కుస్తీ పట్టడమే. రిజిస్టర్‌లో పేర్లన్నీ పెన్సిల్‌తో రాస్తారు. మనిషి పెట్టె మోసుకొచ్చి కౌంటర్ దగ్గర నిలబడి, ఆధార్ కాపీ ఇచ్చాకే పెన్ను మూత తీస్తారు.

రద్దుకు నియమం లేక కాదు. ఇలాంటి అతిథిగృహాల్లో చాలాచోట్ల నోటీసు బోర్డు మీద ఉండేదే: 24 గంటల ముందు చెప్పకపోతే ఒకరోజు అద్దె కట్టాలి. ఎవరు కట్టాలన్నదే ఎవరికీ తేలదు. పీహెచ్‌డీ వైవాకు రావలసిన పరీక్షకుడు జ్వరమొచ్చి రాలేదనుకుందాం. ఆయన్ని అడగలేరు, రానివాడికి బిల్లేమిటి? గైడును అడిగితే విశ్వవిద్యాలయం పని అంటాడు. పరీక్షల విభాగాన్ని అడిగితే జరగని వైవాకు ఖర్చు రాయడానికి పద్దు లేదంటారు. చివరికి ఆ అద్దె పరిశోధక విద్యార్థి వైపు చూస్తుంది. అతనికి ఫెలోషిప్ ఆగిపోయి ఏడాదైంది. గదులాయన చల్లగా పెన్సిల్ గీత చెరిపేస్తారు.

బోర్డు మీద గడువు 24 గంటలే కావచ్చు. వంటింట్లో గడువు వేరే ఉంది. ఇడ్లీకి మినప్పప్పు నాలుగైదు గంటలు నానాలి, సాయంత్రం రుబ్బాలి, రాత్రంతా పులవాలి. పప్పు నీళ్లలో పడ్డాక ఏ ప్రొఫెసరు రద్దు చేసుకున్నా వంటాయనకు సంబంధం లేదు. అందుకే పన్నెండు కొట్టేసరికి ఆయన కౌంటర్ దగ్గర వాలతాడు.

"అయ్యా, రేపు పొద్దున టిఫిన్‌కి ఎంతమందండీ?"

"ఇరవైమంది."

"రిజిస్టర్ లెక్కా, మీ లెక్కా?"

"రిజిస్టర్‌లో ఇరవై. నువ్వు పన్నెండుమందికి నానబెట్టు."

ఆ ఎనిమిది ఎలా తగ్గిందని ఏ గణితశాఖ ఆయన్ని అడిగినా చెప్పలేరు. లెక్క తప్పిన రోజు మిగిలిన పిండి సాయంత్రానికి పుల్లబడి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి తగిలించుకుని నూనెలో పడుతుంది. క్యాంటీన్‌లో పునుగులు కనిపించాయంటే నిన్న రాత్రి ఏదో కమిటీ వాయిదా పడిందని పాత ఉద్యోగులు ఇట్టే పోల్చుకుంటారు. పునుగుల కోసం సెమినార్ వాయిదా పడాలని కోరుకునే హాస్టల్ కుర్రాళ్లు కూడా ఉన్నారు.

ఉన్న సీట్లకంటే ఎక్కువ టికెట్లు అమ్మడం విమాన కంపెనీలకు మామూలే. రానివాళ్లు కొందరుంటారన్న ధీమా. ధీమా బెడిసి అందరూ వచ్చేస్తే, టికెట్ ఉండీ విమానం ఎక్కలేకపోయినవాడిని గంటలోపు ఇంకో విమానం ఎక్కించాలి. అది కుదరక 24 గంటల్లోపు పంపితే గరిష్ఠంగా 10,000 రూపాయలు, అదీ దాటితే 20,000 దాకా పరిహారం అని మన డీజీసీఏ నియమం. గదులాయనా పన్నెండు గదులకు పద్నాలుగు పేర్లు రాస్తారు. పద్నాలుగుమందీ వచ్చిన రోజున పరిహారం ఒక కాఫీ. మరీ పెద్దమనిషైతే రెండు బిస్కెట్లు.

దాన్ని గది దొరకనివాళ్లు కాఫీగా చూడరు, అవమానంగా చూస్తారు. ఎందుకంటే గది అంటే నాలుగు గోడలు కాదు, హోదా. రాష్ట్రపతి సచివాలయం 1979 జులై 26న ఇచ్చిన ప్రోటోకాల్ పట్టిక ఒకటుంది. పార్లమెంటు సభ్యుడిది అందులో 21వ స్థానం. ఆ పట్టిక ప్రభుత్వ ఉత్సవాలకే గానీ రోజువారీ పనులకు వర్తించదని అందులోనే రాసి ఉంది. గదులాయన దగ్గర రోజువారీ పట్టిక విడిగా ఉంటుంది, కాగితం మీద మాత్రం ఉండదు. ఆ 1979 పట్టికలో డైరెక్టర్‌గారి వియ్యంకుడికి ఏ స్థానమూ లేదు. ఇక్కడ మొదటి అంతస్తు సూట్ ఆయనదే. అటాచ్డ్ బాల్కనీ, ఫ్రిజ్, పనిచేసే గీజర్.

ఇలాంటి తిప్పలు పడేది ఆయనొక్కరే కాదు. 2014లో రాష్ట్రం విడిపోయాక ఢిల్లీ అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్ భవన్‌ను రెండు రాష్ట్రాలూ పంచుకోవలసి వచ్చింది. శబరి బ్లాకు తెలంగాణకు, గోదావరి బ్లాకు ఆంధ్రకు. భూగోళంలో శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది, ఢిల్లీలో విడిపోయింది. అంతకుముందు "ఖాళీ ఉందా?" అని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. తర్వాత "మీది ఏ జిల్లా అండీ?" అన్న ప్రశ్న దాటాక గానీ ఆ ప్రశ్న దగ్గరికి వెళ్లడం కుదరలేదు.

బ్రిటిష్ కాలపు డాక్ బంగళాల్లో ఈ గొడవ తక్కువ. ముందొచ్చినవాడిదే గది. 24 గంటలు నిండాక ఇంకో ప్రయాణికుడు గుమ్మంలోకొస్తే పాతవాడు పెట్టె సర్దుకోవాలి. ఆ పద్ధతి తిరిగి రావాలని గదులాయన రహస్యంగా కోరుకుంటారు. ముఖ్యంగా, క్వార్టర్ దొరికేదాకా రెండురోజులుంటానని చేరి, నాలుగు నెలలుగా కిటికీలో తులసి మొక్క పెంచుతున్న కొత్త అసిస్టెంట్ ప్రొఫెసర్ గది ముందునుంచి వెళ్లేటప్పుడు.

తేదీల దగ్గర ఆయనకు ఎవరి మీదా నమ్మకం లేదు. విదేశీ ఆచార్యుడు 12న వస్తున్నాడని ఈమెయిల్ వస్తుంది. విమానం దిగేది రాత్రి పన్నెండు ముప్పావుకు. కంప్యూటర్ లెక్కన అది 12వ తేదీయే. కానీ ఆయన పడుకోవలసింది 11 రాత్రి. 12 మధ్యాహ్నానికి గది సిద్ధం చేస్తే, అంతసేపూ ఆ మహానుభావుడు వరండాలో కుర్చీలో కునికిపాట్లు పడాలి. "మన పంచాంగంలో తెల్లవారితే గానీ వారం మారదు సార్, వాళ్ల విమానాలకు అది తెలీదు" అంటూ గదులాయన 11నుంచే గది కట్టిపెడతారు. ఇంతా చేసి ఆయన దిగగానే పాస్‌పోర్టు, వీసా కాపీలు తీసుకుని, 24 గంటల్లోగా ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి. నిద్రకళ్లతో ఉన్న ఆచార్యుడు ఇంటిపేరు గడిలో సొంతపేరు రాస్తాడు. ఇంటిపేరు ముందొచ్చే దేశంలో ఇది మామూలేనని గదులాయన ఏమీ అనుకోరు.

పంచాంగమంటే గుర్తొచ్చింది. కౌంటర్ పక్క గోడకు అకడమిక్ క్యాలెండర్ ఒకటి, దాని మీద తెలుగు క్యాలెండర్ ఒకటి వేలాడుతుంటాయి. ఆయన మొదటిదాన్ని ఎత్తి చూసేది తక్కువ. మాఘమాసంలో ముహూర్తాలు బలంగా ఉంటే ఉద్యోగుల ఇళ్లల్లో పెళ్లిళ్లు. మగపెళ్లివారి విడిదికి 'వ్యక్తిగత' కోటాలో గదులన్నీ పోతాయి. మూఢం వస్తే బోసి. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, కానీ సరిగ్గా అప్పుడే అడ్మిషన్లు. ట్రంకుపెట్టె, ఆవకాయ జాడీతో తల్లిదండ్రులు దిగుతారు. ఇక సంస్థకు గ్రేడు వేసే న్యాక్ బృందం వస్తోందంటే ఏ మాసమైనా ఒకటే. అంతవరకు అడిగినా రాని కొత్త దుప్పట్లు, కర్టెన్లు, బకెట్లు రాత్రికి రాత్రి దిగుతాయి. బృందం వెళ్లిన మర్నాడు మంచి మగ్గులు స్టోర్‌రూమ్‌కు చేరి, చెవి విరిగినవి యథాస్థానానికి వస్తాయి.

పన్నులూ ఆయన నెత్తినే. వెయ్యిలోపు అద్దె గదికి 2022 జులై 18 వరకు జీఎస్టీ లేదు. ఆ రోజున 12 శాతం పడింది. 2025 సెప్టెంబర్ 22న అది 5 శాతానికి దిగింది. ఆరు వందల గదికి 72 రూపాయలు కట్టినవాళ్లు మొదట ఆయనతోనే దెబ్బలాడారు. 30కి తగ్గాక మాత్రం ఒక్కరూ వచ్చి ఆయనకు కృతజ్ఞతలు చెప్పలేదు.

తర్వాత పోర్టల్ వచ్చింది. అంతకుముందు గది కావాలంటే ఫారం నింపి, హెడ్ సంతకం పెట్టించుకుని, ఎండలో కౌంటర్ దాకా నడిచి రావాలి. అంత దూరం నడిచినవాడు తప్పకుండా వచ్చి పడుకుంటాడు. ఇప్పుడు మంచం మీద వాలి, బొటనవేలితో మూడు తేదీలకు మూడు గదులు పట్టేసి నిద్రపోతున్నారు. పోర్టల్‌లో ఆకుపచ్చ బటన్ బుకింగ్‌కు, ఎర్రది రద్దుకు. ఎర్ర బటన్ పనిచేస్తుందో లేదో ఇంతవరకు ఎవరూ పరీక్షించలేదు. తిరుమలలో దేవస్థానం 2023 మార్చిలో గదుల కేటాయింపుకు ముఖం గుర్తించే యంత్రాలు తెచ్చింది. ఒకరి పేరున తీసి ఇంకొకరికిచ్చే దళారులను ఆపడానికి. కాషన్ డిపాజిట్ కూడా అక్కడ ముందే తీసుకుంటారు. అలాంటి యంత్రం మన గెస్ట్‌హౌస్‌కూ పెడదామని రిజిస్ట్రార్ అన్నప్పుడు గదులాయన గాభరాపడ్డారు. ప్రొఫెసర్‌గారి పేరున గది, లోపల బావమరిది ముఖం. యంత్రం ఒప్పుకోదు. ఆయన ఇరవై ఏళ్లుగా ఒప్పుకుంటూనే ఉన్నారు.

ఇలా ఉండగా గదులాయన కూతురి పెళ్లి కుదిరింది. పురోహితుడు మూడు ముహూర్తాలు ఇచ్చాడు. ఆయన పంచాంగం అటు, రిజిస్టర్ ఇటు పెట్టుకుని కూర్చున్నారు. మొదటి ముహూర్తానికి స్నాతకోత్సవం అడ్డం, రెండోదానికి అంతర్జాతీయ సదస్సు. గదులన్నీ ఖాళీగా ఉన్నది మూడోదానికే. రాత్రి రెండు గంటల నలభై ఏడు నిమిషాలకు.

"ఇంత అర్ధరాత్రి లగ్నమేమిటి బావగారూ?" అన్నారు పెళ్లికొడుకు తండ్రి.

"బలమైన లగ్నం బావగారూ. గురుబలం ఉంది, గీజర్ కూడా ఉంది" అన్నారు ఈయన.

మగపెళ్లివారు నలభై మంది వస్తామన్నారు. ఎవరు రారో ఇట్టే చెప్పగల మనిషి, ఈసారి ఒక్క పేరు కూడా కొట్టెయ్యలేదు. పైగా, ఎందుకైనా మంచిదని ఇంకో నాలుగు గదులు పట్టారు. వచ్చింది డెబ్భై మంది. తిరుపతిలో ఉన్న మేనత్త రానని మూడుసార్లు ఫోన్ చేసి, చివరికి మనవలతో సహా దిగింది. సూట్ వియ్యంకుడికే ఇచ్చి, వ్యక్తిగత రేటున అద్దె కట్టి, పన్నుతో సహా రసీదు రాసుకున్నారు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. ఫారంలో 'పర్యటన ఉద్దేశం' అన్న గడి మాత్రం ఖాళీగా వదిలితే కంప్యూటర్ ముందుకు కదలనంది. ఆయన కాసేపు ఆలోచించి 'ద్వైపాక్షిక చర్చలు' అని నింపారు. మార్చిలో ఆడిట్ వాళ్లు వచ్చి ఆ గడి దగ్గర ఆగారు. ఎవరితో, ఏ అంశం మీద, ఫలితమేమిటి అని మూడు ప్రశ్నలు రాసి వెళ్లారు. మొదటి రెండింటికీ జవాబు పంపించారు. మూడోదానికి ఇంకొంత గడువు అడిగారు.